నర్సమ్మ ఉరికితే

కోదాడ రోడ్డు మీద సైకిలు తొక్కే మనిషిని చూస్తే జనానికి జాలి. పరుగెత్తే మనిషిని చూస్తే అనుమానం. అఖిల రెండూ చేసేది కాబట్టి ఆమెకు రెండూ దండిగా దక్కాయి.

అఖిల కోదాడ దవాఖానలో నర్సు. ఇల్లు అనంతగిరిలో. హైదరాబాద్ మారథాన్‌కు పేరిచ్చాక డ్యూటీకీ పరుగుకూ ఒకే దారిలో పొత్తు కుదిర్చింది. పొద్దున సైకిలు మీద పోయి, దాన్ని అక్కడే పెట్టి, సాయంత్రం పరుగున ఇంటికొస్తుంది. మర్నాడు పరుగున పోయి, సైకిలు మీద వస్తుంది. ఇంత తేలిక సంగతి ఊళ్లో ఒక్క బుర్రకూ ఎక్కలేదు. "సైకిల్ పంచరైందా నర్సమ్మా?" అని బండ్లు ఆపేవాళ్లు. బండి దిగి నాలుగడుగులు వేస్తే రొప్పే మహానుభావులు కూడా మోకాళ్లు అరిగిపోతాయని ఆమెను హెచ్చరించేవాళ్లు. ఉచిత సలహాకు ఊపిరి అక్కర్లేదు కదా అనుకునేది అఖిల.

మగడు శ్రీను మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేస్తాడు, ఆదివారాలు వస్తాడు. అతనికేం పట్టింపు లేదు. పట్టింపంతా సూర్యాపేటలో ఉండే బావ శంకరయ్యది. బడిపంతులు. కూరగాయలకు కూడా కారులోనే పోతాడు. "మనింటి ఆడోళ్లు రోడ్ల మీద ఉరుకుడేంది? ఇజ్జత్ పోతది" అని ఫోన్లో తల్లిని సతాయించేవాడు. అత్త సువార్తమ్మ పెద్దకొడుకు మాట జవదాటదు. అఖిల పాపను చూసుకునేది ఆమే. ఆమె వద్దంటే మారథాన్ ఖతం.

"సూస్త. ఊళ్లె ఒక్క మాటొచ్చినా బంద్" అంది సువార్తమ్మ కోడలితో.

మాట రాలేదు. ఊరే వచ్చింది.

ఆ సాయంత్రం మబ్బు పట్టింది. వాన పడేలోపు ఇల్లు చేరాలని అఖిల నర్సు బట్టలైనా మార్చుకోకుండా జోరుగా పరుగెత్తింది. నర్సు తల తిప్పకుండా ఇంటి దిక్కు ఉరికితే ఏమిటర్థం? కిరాణా కొట్టు గోపమ్మ తేల్చేసింది, సువార్తమ్మ పానం మీదికొచ్చిందని. గోపమ్మ నోట పడ్డాక మాట ఆగుతుందా? అఖిల గుమ్మం చేరేసరికి వెనకే సగం వాడ, బైబిలు పట్టుకుని పాస్టరుగారు. గోపమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని వాకిట్లోనే శోకం ఎత్తుకుంది.

అరుగు మీద సువార్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "ఎవరే పోయింది?" అంది.

శోకం ఠక్కున ఆగింది. తప్పు తమదని ఒక్కరూ ఒప్పుకోలేదు, అంతా అఖిల మీద పడ్డారు. ఆడమనిషికి ఈ ఉరుకులేమిటన్నారు, ఊరిని పరేషాన్ చేసిందన్నారు. అంతలో పక్కింటి జంగయ్య ఫోను మోగింది. అతను వచ్చే దారిలోనే శంకరయ్యకు కబురు పెట్టేశాడు. జంగయ్యకు స్పీకరు పెట్టనిదే మాట్లాడటం రాదు.

"జంగన్నా, అమ్మ పోయిందా, ఉన్నదా?" శంకరయ్య గొంతు వాకిలంతా వినిపించింది. "గట్టిగ తెల్సుకొని చెప్పు. ఊకె అంతదూరమొచ్చి వాపస్ పోవుడెందుకు?"

జంగయ్య ఆపుదామని ఫోను నొక్కాడు, ఆగలేదు. సువార్తమ్మ చెయ్యి చాపి తీసుకుంది. "ఇంకా పోలే బిడ్డా. పోయినంక చెప్తరు తియ్యి" అని ఇచ్చేసింది.

ఇందాక నోళ్లు చేసుకున్నవాళ్లందరికీ ఇళ్లలో పనులు గుర్తొచ్చాయి. వాకిలి ఖాళీ అయ్యింది. బావను నాలుగు దులపాలన్నంత కోపమొచ్చింది అఖిలకు. అత్త మొహం చూడలేక పక్కన కూర్చుని తనూ చిక్కుడుకాయలు అందుకుంది.

"రేపటి సంది బస్సుకు పోత అత్తమ్మా."

"ఎందుకు?"

"ఊరంత వచ్చిండ్రు గద."

"ఉరుకు బిడ్డా" అంది సువార్తమ్మ, కాయ మీది నుంచి కళ్లెత్తకుండా. "నువ్వు ఉరికొచ్చేది నా కోసమే అనుకుంటున్నరు. అనుకోనియ్యి."