ఖాళీగా వదిలిన వరుస

ఈ తలుపు గడియ మళ్ళీ తెరుచుకోకపోతే ఏం చేయాలి అనుకుంటూనే గడియ వేశాను, కొత్త భవనాల్లో గడియలు చూడ్డానికి నాజూగ్గా ఉంటాయి గానీ అవసరానికి మొరాయిస్తాయి, ఇలాగే స్నానాలగదిలో ఇరుక్కుపోయిన మనిషిని తలుపు విరగ్గొట్టి తీశారని ఎక్కడో విన్నాను, విన్నానో నేనే ఊహించుకున్నానో, మీ అమ్మ గొడుగు వేసుకుని స్నానానికి వెళ్ళే రకం అని మా ఆయన కూతురికి చెప్పి నవ్వుతాడు, నవ్వితే నవ్వనీ, ఇప్పుడు నా ఒళ్ళో సంచి ఉంది, సంచిలో మా అమ్మ మోతగుడ్డ ఉంది, కూతురు గీసిన బొమ్మల ప్రదర్శనలో నడిమి గోడ మీంచి నేనే దించి తెచ్చాను, దీపాలు బిగించే అతను టీకి వెళ్ళిన సందు చూసుకుని, సొంత కూతురి దగ్గర దొంగతనం, వీధిలోకి పడగలిగితే ఏదో ఒక బస్సెక్కి ఇంటికి పోయేదాన్ని, సరిగ్గా అప్పుడే అద్దాల తలుపు తోసుకుని పూలగుత్తులతో జనం వచ్చారు, ఇంకెటు పోను, ఆడమనిషి బొమ్మ ఉన్న తలుపు కనిపిస్తే దూరిపోయాను, కిటికీ ఉందేమోనని చూశాను, ఉంది, పిల్లి పట్టేంత.

వాళ్ళంతా ఇప్పుడు నడిమి గోడ దగ్గర నిలబడి గుడ్డ వేలాడిన ఉత్త కర్రని చూస్తుంటారు, పిల్లకి తల తీసేసినట్టు ఉంటుంది, ఉంటే ఉండనీ, ఆ గుడ్డని తిరగేసి తగిలించింది మరి, ముడులన్నీ జనం వైపు, మా కొండవాళ్ళలో ఏ తల్లీ అలా చేయదు, పిల్లని వీపున కట్టుకుని పనిలోకి వెళ్ళే గుడ్డ అది, పన్ను వచ్చినా, అడుగు వేసినా, కొత్త మాట అన్నా తల్లి లోపలివైపు ఒక ముడి వేస్తుంది, లోపల ఉన్న పిల్ల వేళ్ళకి తగలడానికి, ఒక్కో పిల్లకి ఒక్కో వరుస, పెద్దయి ఇల్లు విడిచి వెళ్ళేటప్పుడు మిగిలిన వరుసని ఆ పిల్లే తన చేత్తో నింపుకోవాలి, ఇవన్నీ దానికెలా తెలుస్తాయి, పెట్టెలోంచి తీసి ఇదేమిటమ్మా అని అడిగితే పాతగుడ్డ, పొయ్యి తుడవడానికి ఉంచాను అన్నాను, అమ్మమ్మ నిద్రలో మాట్లాడేది ఏ భాష అని అడిగితే నిద్రలో ఎవరైనా అలాగే మాట్లాడతారు, పడుకో అన్నాను, అది పడుకోలేదు, ఆ నిద్రమాటలు గుర్తుపెట్టుకుని రంగులు చేసింది, బయట గోడల నిండా మా అమ్మ వీపే, ఫొటో తీస్తామంటే మొహం తిప్పేసే మనిషి వీపు కాక ఇంకేం గీస్తుంది పాపం, ఒక్కోదాని ముందూ ఆగి ఆగి చూశాను, ఒప్పుకుంటాను, ఆ తర్వాతే మోతగుడ్డ మీద ఎర్ర దారం కనిపించింది.

మా అక్క వరుసని పిల్ల నింపేసింది.

సగం దాకా అమ్మ వేసిన ముడులు, ఆపైన ఖాళీ, ఆ ఖాళీని ఎవరూ ముట్టుకోకూడదు, అక్క వచ్చి వేసుకుంటుంది అనేది అమ్మ, దిగువ బడివాళ్ళ జీపు వచ్చిన రోజు అక్క వాకిట్లో ఆడుకుంటోంది, నేను ఈ గుడ్డలోనే అమ్మ వీపున ఉన్నానట, అమ్మ కట్టెల మోపుల వెనక నక్కి, నన్ను ముందుకి లాక్కుని నా నోరు మూసిందట, ఒక పిల్ల ఏడుపు ఆపుతూ ఇంకో పిల్ల కోసం అరవలేకపోయింది, అక్కని జీపెక్కించి పట్టుకుపోయారు, ఆ బడిలో జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, మా మాట ఆడితే కొట్టేవాళ్ళట, కొందరు పిల్లలు తిరిగొచ్చారు, అక్క రాలేదు, ఉందో లేదో చెప్పిన నాథుడు లేడు, మేం ఎవరూ ఎరగని ఈ ఊరికి వచ్చేశాం, మీది ఏ ఊరు అని ఎవరడిగినా నవ్వి ఊరుకో అని నేర్పింది అమ్మ, నవ్వీ నవ్వీ నా దవడలు అలాగే ఉండిపోయాయి, ఇప్పటికీ ఇంటి ముందు బండి ఆగితే ముందు పిల్ల ఎక్కడుందో చూసుకుంటాను, దానికి పెళ్ళీడు దాటుతున్నా సరే, ఇక ఇవాళ ఇంతమంది ముందు మేమెవరమో గోడకెక్కించింది, రేపు పేపర్లో వేస్తారు, ఎవరో వస్తారు, ఏదో అడుగుతారు.

లైటు ఆరిపోయింది, కదలకుండా కూర్చుంటే ఆరిపోయే లైటట, చెయ్యి ఊపితే వెలుగుతుందట, ఊపలేదు, చీకట్లో సంచిలోకి చెయ్యి పెట్టాను, అమ్మ ముడులు కందిగింజల్లా గట్టిగా ఉన్నాయి, ఆపైన పిల్లవి, వదులుగా, బూటుతాడు కట్టినట్టు, ఇలా వేస్తే ఒక్క ఉతుక్కి ఊడిపోతాయి, ఎవరు నేర్పారు దీనికి, ఎవరూ నేర్పలేదు.

అమ్మా, లోపల నువ్వే కదా, చెప్పులు కనిపిస్తున్నాయి అంది తలుపు అవతల, కాళ్ళు వెనక్కి లాక్కున్నాను, లాక్కున్నావులే, అదీ చూశాను అంది, కోపం లేదు గొంతులో, కోపమున్నా బాగుండేది, గుడ్డ నీ దగ్గరే ఉందా అంటే ఉందన్నాను, అందరూ అడుగుతున్నారమ్మా, నీకిష్టం లేకపోతే పెట్టను, ఇంటికి పోదాం, ఎందుకో మాత్రం చెప్పు అంది, చెప్పకూడదనుకున్నాను, నోరు ఆగలేదు, ఆ ఖాళీ మీ పెద్దమ్మది, నువ్వెవరు నింపడానికి అన్నాను.

తలుపు కింద దాని నీడ పక్కకి జరిగింది, వెళ్ళిపోయిందేమో, కళ్ళు తిరిగి పడిపోయిందేమో, పొద్దున ఏమీ తినలేదు కూడా, అప్పుడు మెల్లగా, నాకు పెద్దమ్మ ఉందా అంది, తలుపుకి నుదురు ఆనించినట్టుంది, మాట నా చెవి పక్కనే వినబడింది, నాకు తెలీదమ్మా, ఆ ఖాళీ చూస్తే ఎవరో పిలుస్తుంటే మనం పలకనట్టు అనిపించింది, ఊరుకోలేక వేశాను, తప్పయితే ఊడదీస్తాను.

ఊడదీస్తుందట, ఆ మాట నాలో ఎక్కడో తగిలింది, ఎత్తుకుపోతారన్న భయంతోనే కదా ఇన్నేళ్ళూ దీని చుట్టూ తిరిగాను, దీన్నెవరూ ఎత్తుకుపోలేదు, తోవ చెప్పేవాళ్ళు లేకుండా, ముసలిదాని నిద్రమాటలు పట్టుకుని, మేం విడిచి పారిపోయిన చోటికి అదే నడిచి వచ్చింది, నేనే అడ్డంగా కూర్చున్నాను, మాకు తెలియని చోటికి పోయిన పిల్ల రాలేదు, తనకి తెలియని చోటు వెతుక్కుంటూ ఈ పిల్ల వచ్చింది, అమ్మ ఆ వరుస వదిలింది తిరిగి వచ్చే బిడ్డ కోసం, వచ్చింది, ముడి వేయడం రాకుండా వచ్చింది, అంతే.

ఊడదీయకు అన్నాను, ముడి అలా కాదే, దారం రెండు చుట్లు తిప్పి కిందినుంచి లాగాలి, నీ దగ్గర ఆ ఎర్ర దారం ఇంకా ఉందా.