గడప బయటి కర్ర

షిఫ్టుకు పిలిచే మిల్లు సంగు కూసేసరికి గురుసామి అప్పటికే లేచి కూర్చుని ఉన్నాడు. ఎనిమిది నెలలుగా ఆ కూత అతని కోసం కాదు. అయినా ఇరవైరెండేళ్ళు నూలు వడికే రింగు ఫ్రేము ముందు నిలబడిన ఒళ్ళు, సంగు వినగానే లేవకుండా ఉండలేదు. భార్య పాంచాలి వేపాకు వేసి కాచిన నీళ్ళు తెచ్చి అతని కుడికాలి కట్టు విప్పింది. పిక్కలో కండ ఉండవలసిన చోట నల్లటి గుంట. దాని అంచున చర్మం ముడుచుకుపోయి, నడిచిన ప్రతిరోజూ చీము కారుతుంది. ఆమె తుడుస్తుంటే అతను గోడ వైపు చూశాడు.

ఆ పని చేసింది పోలీసు కుక్క. మిల్లు గోడౌనులో నూలు పోయిందని మదురై నుంచి దాన్ని తెచ్చి, పనివాళ్ళందరినీ ఎండలో వరస నిలబెట్టారు. కుక్క, నూలు మూటలకు కట్టిన తాడు వాసన చూసి, వరసంతా తిరిగి, నేరుగా గురుసామి దగ్గరికి వచ్చింది. ఆ రోజు అతని సద్దిమూటలో పాంచాలి పెట్టిన ఉప్పుకండం, ఎండబెట్టిన మాంసం, ఉంది. అతను పరుగెత్తలేదు, కదలనైనా లేదు. కుక్క గొలుసు పట్టుకున్న కానిస్టేబుల్ మాత్రం దొంగ దొరికాడని సంతోషపడి, కుక్కను లాగడానికి తొందరపడలేదు. నూలు ఎత్తుకుపోయింది మేస్త్రీ బావమరిది అని పది రోజులకే తేలింది. ఆ బావమరిది కాలు బాగానే ఉంది.

నిలబడలేనివాడికి ఫ్రేము దగ్గర పని లేదంది మిల్లు. అతను పెట్టుకున్న నష్టపరిహారం అర్జీ మీద, కాలు ఇక బాగుపడదని పోలీసు కచేరీ రాసిస్తే, నూలు చుట్టే రీలింగులో కూర్చుని చేసే పని ఇస్తామంది. గురుసామికి కావలసిందల్లా ఆ ఒక్క ముక్క. దాని విచారణ ఇవాళే.

పాంచాలి కర్ర తెచ్చి ఇచ్చింది. అరచెయ్యి పొక్కకుండా దాని పిడికి మిల్లు వేస్టు నూలు చుట్టింది తనే.

"ఈ తూరి లోపలికి తీసుకోని పోవాల. వాకిట్లో పెట్టొద్దు."

"పెద్దవాళ్ళు కూసోని ఉండే కాడికి కర్రతో ఎట్ల పోయేది? కొట్లాటకు పోతా ఉండానా ఏమి?"

వాళ్ళ కులంలో పెద్దల కూట్టం జరిగితే, తొంభై ఏళ్ళ ముసలివాడైనా కర్రను చెప్పుల పక్కన పెట్టి, ఎవరో ఒకరి భుజం పట్టుకునే లోపలికి వస్తాడు. చేతిలో కర్రతో గడప దాటడమంటే కయ్యానికి కాలు దువ్వడమే. ఊరు వదిలి వాడిపట్టి మిల్లుకు వచ్చినా గురుసామి ఆ మర్యాద వదల్లేదు. పాడు మర్యాద.

మదురై పోలీసు కచేరీలో నాలుగు గంటలు కాచుకున్నాక పిలుపు వచ్చింది. గురుసామి చెప్పులు విడిచాడు. కర్రను గోడకు ఆనించాడు. పట్టుకోవడానికి ఎవరి భుజమూ లేదు. పళ్ళు బిగించి, గడప నుంచి బల్ల దాకా పదకొండు అడుగులు తిన్నగా వేసి, చేతులు జోడించాడు. వీపంతా చెమటతో తడిసిపోయింది.

అధికారి కళ్ళద్దాల మీదుగా చూసి అరవంలో అడిగాడు, ఇప్పుడెలా ఉంది అని.

పెద్దవాడు అడిగితే బాగున్నాననడమే గురుసామికి తెలుసు. "మీ దయ సామీ. బాగుండాను."

"సాయం లేకుండా నడుస్తున్నాడు. బాగున్నానని తానే చెప్పాడు. అర్జీ కొట్టివేయడమైనది," అని అధికారి చెప్పుకుపోయాడు. పక్కన రాసుకుంటున్న గుమాస్తా వరదరాజన్. తెలుగు ఇంటివాడే, ఆ మర్యాద ఎరిగినవాడే. కర్రను గోడకు ఆనించడం కిటికీలోంచి చూశాడు కూడా. అతని కలం ఒక్క క్షణం ఆగింది. ఆ ఏడు అతని పేరు ప్రమోషన్ జాబితాలో ఉంది. కలం మళ్ళీ కదిలింది.

"సామీ, నా కర్ర బయట ఉండాది," అన్నాడు గురుసామి.

"తీర్పు విన్నాక అందరికీ కర్ర గుర్తొస్తుంది," అని అధికారి నవ్వి, భోజనానికి లేచి వరండాలోకి నడిచాడు. జీపు ఇంకా రాలేదు. అక్కడే నిలబడి, గురుసామి ఏం చేస్తాడో వేడుకగా చూస్తున్నాడు.

గురుసామి చెప్పులు తొడుక్కున్నాడు. కర్ర వైపు చూడలేదు.

వరదరాజన్ వెనకనే వచ్చి గొంతు తగ్గించి తెలుగులో అన్నాడు. "అన్నా, కర్ర తీసుకో."

"ఆయన ముందర తీసుకుంటే అబద్ధాలకోరునైపోతా తమ్ముడూ. ఒక తూరి దొంగనైంది చాలు."

మెట్లు దిగి ఎండలో నడిచాడు. వీధి మలుపు తిరిగేదాకా అతని అడుగు తడబడలేదు. ఆ తరువాత గోడలు పట్టుకుని, సైకిళ్ళు పట్టుకుని బస్టాండు చేరాడు. కట్టు తడిసి చెప్పు జారుతోంది. వాడిపట్టి బస్సు వెనక్కి వస్తుంటే కండక్టరు ఈల వేశాడు. అందరూ పక్కకు తప్పుకున్నారు. గురుసామి కూడా తప్పుకోబోయాడు. కుడికాలు రాలేదు.

సాయం లేకుండా నడుస్తున్నాడన్న కాగితం అతను పోయిన పదకొండో రోజున టపాలో పాంచాలికి చేరింది. ఆమెకు చదవడం రాదు. అతని బదులు తనకు పని ఇస్తామని రాశారేమోనని దాన్ని పట్టుకుని మిల్లు గేటు దాకా వెళ్ళింది.

కచేరీలో ఆ కర్ర మూడు రోజులు గోడకే ఆనుకుని ఉంది. నాలుగో రోజు ఆడినెల ఈదురుగాలికి అధికారి బల్ల పక్క కిటికీ తలుపు కొట్టుకుంటుంటే, ప్యూను దాన్ని లోపలికి తెచ్చి తలుపుకు అడ్డం పెట్టాడు. పిడికి చుట్టిన నూలు అరచెయ్యి పట్టినచోట నల్లబడి ఉంది.