బేతంచెర్ల దుర్భిణి

నేను ఒక దుర్భిణిని. బొమ్మను కాను, హాల్లో పెట్టుకునే అలంకారాన్ని అసలే కాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నన్ను మొదటిసారి చూసిన పదిమందిలో తొమ్మిదిమంది డ్రైనేజీ పైపు అనుకుంటారు. వాళ్ళ తప్పేమీ లేదు. నా ఒళ్ళు నిజంగానే ఎనిమిదంగుళాల పీవీసీ గొట్టం. నన్ను మోసే పెట్టె ఏదో పెళ్ళి స్టేజీకి కొట్టగా మిగిలిన ప్లైవుడ్డు. కానీ ఆ గొట్టం అడుగున ఆరంగుళాల అద్దం ఒకటుంది. నా కన్నూ, ప్రాణమూ అదే. దాన్ని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే నేను ఊరుకోను.

ఆ అద్దాన్ని చేసినవాడు హైదరాబాదు మౌలాలిలో ఉండే గురునాథం. కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసే పనిలో జీవితమంతా గడిపి, ఆ పని మిషన్లకు పోయాక, ఖాళీగా కూర్చోలేక నన్ను మొదలుపెట్టాడు. రెండు గాజు బిళ్ళలు తెచ్చి, మధ్యలో కార్బోరండం పొడీ నీళ్ళూ వేసి, ఒక పాత డ్రమ్ము చుట్టూ తిరుగుతూ ఒకదాని మీద ఒకటి రుద్దేవాడు. అలా రుద్దగా రుద్దగా పై బిళ్ళ గుంటపడుతుంది, కింది బిళ్ళ ఉబ్బుతుంది. పై బిళ్ళను నేను. మొదట గరుకు పొడి, తర్వాత మెత్తది, ఇంకా మెత్తది, ఆఖరికి ఎర్రమట్టి లాంటి మెరుగు పొడి. మూడు నెలలు పట్టింది. ఒక్క గరుకు రేణువు జారిపడినా నెల కష్టం గీతపాలవుతుందని ఆ గదిలో చీపురు పెట్టనిచ్చేవాడు కాదు. "ఇంత సేవ నాకు చేసుంటే ఈపాటికి మోకాళ్ళ నొప్పులు పోయుండేవి" అని ఆయన భార్య గుమ్మంలోంచే అంటుండేది. ఆయన నవ్వి ఇంకో చుట్టు తిరిగేవాడు. చివర్లో ఒక చిన్న దీపమూ, గడ్డం గీసుకునే బ్లేడూ పెట్టి నా వంపును పరీక్షించాడు. వెంట్రుక మందంలో వెయ్యోవంతు తేడా ఉన్నా ఆ నీడలో బయటపడుతుంది. నాలో తేడా కనబడలేదు. ఆ రోజు ఆయన అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

నన్ను కొన్నది మణికొండలో ప్రమోద్ అనే కంప్యూటరు ఉద్యోగి. చెడ్డవాడని చెప్పను. ఇంటర్నెట్లో రంగురంగుల నక్షత్ర మేఘాలు చూసి మనసుపడ్డాడు. నాలోంచి చూస్తే బూడిదరంగు పొగ కనబడింది. ఆ పొగ వెలుగు వెయ్యేళ్ళకు పైగా ప్రయాణం చేసి వచ్చిందని నేను చెప్పలేను కదా. "ఇంతేనా?" అన్నాడు. రెండు వారాలకు బాల్కనీలోకి చేరాను. నెలకు నా మీద తువ్వాళ్ళు ఆరేశారు. మూడేళ్ళపాటు నేను చూసిన ఆకాశం తడి లుంగీ లోపలి వైపు.

సరిగ్గా అప్పుడే, కర్నూలు జిల్లా దారుల్లో, నా గురించి ఏమీ తెలియని ఒక మనిషి నాలాంటిదాన్ని వెతుక్కుంటూ తిరుగుతోంది. ఆమె పేరు మద్దమ్మ. బేతంచెర్లలో నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పని. నలభై రెండేళ్ళు, పదో తరగతి చదువు, రాతిపొడికి తెల్లబడ్డ కనురెప్పలు. ఒకసారి కర్నూలు బస్టాండులో సైన్సు వ్యానువాళ్ళు జనానికి చంద్రుణ్ణి చూపిస్తుంటే వరసలో నిలబడి ఒక్క నిమిషం చూసిందట. ఇంటికెళ్ళి భర్త సుంకన్నతో అన్న మొదటి మాట ఇది: "మన గని మాదిరే ఉండాది. అంత రాయి ఉండాది, ఒక్కడూ సమ్మెట ఏయల్యా."

దాన్ని మళ్ళీ చూడాలనుకుంది. ఒక్క నిమిషం కాదు, తన ఇష్టమైనంతసేపు. పెంచిన పొట్టేలును అమ్మితే పదివేలు వచ్చాయి. అంతకుమించి ఒక్క రూపాయి లేదు.

ఆ పదివేలతో ఆమె ఎక్కిన మెట్లన్నీ తర్వాత సుంకన్నకు చెబుతుంటే విన్నాను. కర్నూలులో ఒక కొట్టువాడు ధగధగలాడే డబ్బా తీశాడట. మీద ఉంగరాల శనిగ్రహం బొమ్మ, "ఆరువందల రెట్లు" అని పెద్ద అక్షరాలు. వ్యానులోని పెద్దాయన ఒక మాట చెప్పి ఉన్నాడు: "ఎన్ని రెట్లో అడగొద్దమ్మా, మూతి ఎంత వెడల్పో అడుగు. కాలు కదుల్తుందేమో చూడు." మద్దమ్మ ఆ డబ్బాలోని వస్తువును బిగించమంది. కొట్టు గుమ్మంలో నిలబడి ఎదురు మేడ మీది బోర్డు చదవబోయింది. మూతి రెండంగుళాలు, కాళ్ళు చీపురుపుల్లలు. అక్షరాలు జ్వరమొచ్చినట్టు వణికాయి.

"పెద్దగ చూపిస్తాంది గానీ బాగ చూపిచ్చల్యా" అని చేతిలో పెట్టేసి వచ్చింది.

"ఆడోళ్ళకి ఇవన్నీ ఏం తెలుస్తాయిలే" అన్నాడట కొట్టువాడు. పదివేలు ఆమె దగ్గరే ఉన్నాయి, డబ్బా వాడి దగ్గరే ఉంది. జవాబు అంతకంటే ఏం కావాలి?

ప్రమోద్ నన్ను అమ్ముతానని ఫోనులో పెట్టిన ప్రకటన ఆమె కంట పడింది. సుంకన్న రాళ్ళ లారీ డ్రైవరు, వారానికోసారి హైదరాబాదు లోడు తోలతాడు. ఆ లారీలోనే ముందు సీట్లో కూర్చుని వచ్చింది. సుంకన్న దారంతా గొణిగాడట: "పొట్టేలు అమ్మిన దుడ్డు పైపుకు పెడతావా మే?" ఆమె, "నువ్వు బీడీలకు పెట్టిన దుడ్డు నేనెప్పుడన్నా అడిగితినా?" అందట.

ఫ్లాటులోకి వచ్చి ఆమె నా రంగూ రూపూ చూడలేదు. "సార్, అడుగున అద్దం ఇప్పి చూపిస్తారా?" అంది. ప్రమోద్‌కు విప్పడం తెలియదు. ఆమే మూడు మరలు తిప్పి, అద్దాన్ని అంచులు పట్టుకుని బయటికి తీసింది. వేలు పెట్టలేదు. కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టి, కన్ను దించి, ఒక చివర నుంచి ఇంకో చివరకు మెల్లగా చూసింది. రోజుకు రెండొందల బండల్ని అలాగే చూసే కన్ను అది. మూడేళ్ళ దుమ్ము కింద నా మెరుగును ఆమె చదువుతుంటే, డ్రమ్ము చుట్టూ తిరిగిన మనిషి తర్వాత నన్ను అర్థం చేసుకున్న మనిషి ఈమే అనిపించింది.

"ఇది మిషను పని కాదు. చేత్తో పట్టినారు" అంది. "ఎక్కడా అల లేదు."

ప్రమోద్ పన్నెండు వేలన్నాడు. ఆమె తొమ్మిది అంది. "ఇంకో వెయ్యి వేస్తే రెట్లు పెంచే లెన్సు కూడా ఇస్తాను" అన్నాడు. "వద్దు సార్, ఉన్న రెండు లెన్సులు చాలు" అంది. తొమ్మిది వేలకే నేను రాళ్ళ లారీ ఎక్కాను. బాల్కనీ నుంచి బయటపడ్డ ఆ రోజు, నా గొట్టం మీద ఇంకా ఒక బట్టల క్లిప్పు ఉంది.

బేతంచెర్లలో వాళ్ళ ఇంటి ముందు నన్ను పెట్టిన మొదటి సాయంత్రం మద్దమ్మ చంద్రుణ్ణి చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పను, అది మా ఇద్దరి సంగతి. సుంకన్నను పిలిస్తే, వచ్చి, చూసి, "థూ, నిజంగా రాళ్ళే" అని మళ్ళీ కన్ను పెట్టాడు. ఆ తర్వాత పైపు అనడం మానేశాడు.

ఊరు మాత్రం మానలేదు. ఆడమనిషి, అందులోనూ కూలిమనిషి, దుర్భిణి కొనుక్కుంటే చంద్రుణ్ణి చూడ్డానికే కొనుక్కుందని నమ్మడం మనుషులకు చాలా కష్టం. నెల తిరక్కుండానే పుకారు లేచింది: మద్దమ్మ అందరి ఇళ్ళలోకీ చూస్తోంది. వీధి చివరి ఇంటి ఈశ్వరమ్మ తడికలకు గోనెపట్టాలు కట్టించింది. కొళాయి దగ్గర మద్దమ్మ బిందె పెడితే మిగతా బిందెలు జరిగాయి. ఫ్యాక్టరీలో మేస్త్రీ వచ్చి, "ఆ గొట్టం అమ్మెయ్, ఓనరుకు ఫిర్యాదులొస్తాండాయి" అన్నాడు. ఓనరంటే రాజశేఖరం. మూడు పాలిష్ మిషన్లు, రెండు ట్యాంకర్లు, ఊరి పక్కన పారే వంక ఒడ్డున పెద్ద మేడ.

ఆ రోజుల్లోనే ఊరికి ఇంకో బాధ ఉంది. వంకలో నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. పాలిష్ మిషన్ల నుంచి వచ్చే రాతిబురదను ఎవరో తెచ్చి గుమ్మరిస్తున్నారు. ఆ నీళ్ళు తాగిన మేకలు నాలుగు పడిపోయాయి, అందులో రెండు ఈశ్వరమ్మవి. ఎవరి పనో ఎవరికీ తెలియదు. అందరూ అందర్నీ అనుమానించారు.

మద్దమ్మ ఇంట్లో కూర్చుని ఏడ్చే రకం కాదు. ఒక సాయంత్రం ఇంకా వెలుగుండగానే నన్ను మోసుకొచ్చి వీధి నడిమధ్య పెట్టింది. ఎవర్నీ పిలవలేదు. అయిదు నిమిషాల్లో వీధంతా వచ్చింది.

"ఈశ్వరమ్మక్కా, రా. మీ ఇంటిని నువ్వే చూసుకో" అంది.

ఈశ్వరమ్మ కొంగు బిగించి వచ్చి కన్ను పెట్టింది. చాలాసేపు చూసింది. "ఏందిది? మా ఇల్లు తలకిందులుగా ఉండాదే. కోడి కాళ్ళు పైకి పెట్టి నడుస్తాంది."

"ఇది అట్లనే చూపిస్తాది. చంద్రునికి తలా కాళ్ళా ఉండవు, అందుకని ఇబ్బంది లేదు. మీ ఇంట్లోకి చూడాలంటే నేను తలకిందులుగా నిలబడాల. పొద్దంతా బండలు మోసినంక నాకు అంత ఓపిక ఉండాదా అక్కా?"

ముందు ఎవరో ముసలాయన నవ్వాడు. తర్వాత ఈశ్వరమ్మే నవ్వింది. పిల్లలూ పెద్దలూ వరసకట్టి తమ తమ ఇళ్ళను తలకిందులుగా చూసుకున్నారు. నా పుట్టుకతోనే వచ్చిన లోపమని ప్రమోద్ విసుక్కున్నది ఇదే. అది నాకు సాక్ష్యం చెబుతుందని ఎవరనుకున్నారు?

అప్పుడు రాజశేఖరం కారు వచ్చి ఆగింది. గుంపునూ నన్నూ చూశాడు. కారు అద్దం దించి, అందరూ వింటుండగా అన్నాడు: "మద్దమ్మా, నువ్వు వంక దిక్కు చూస్తాండావని నాకు తెలుసు. తెల్లారి వచ్చే ట్యాంకర్లు నావని ఎవరు చెప్పినారు నీకు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. మద్దమ్మ మెల్లగా అంది: "సార్, నేను ట్యాంకర్ల మాటే అనల్యా."

నిజమే. ఆ సాయంత్రానికి ముందు ఆమె నన్ను ఒక్కసారి కూడా నేల వైపు దించలేదు. ఆ కారు వెళ్ళిపోయాకే ఈశ్వరమ్మ నా గొట్టం మీద చెయ్యి వేసి అడిగింది: "ఇది అంత దూరం చూపిస్తాదా మే?"

మర్నాడు మేస్త్రీ ముప్ఫైవేలు పట్టుకుని వచ్చాడు. నా ఖరీదుకు మూడింతలకు పైనే. మణికొండలో వద్దనుకున్న సరుకుకు ఇంత గిరాకీ వచ్చేసరికి, దాచుకోను, నాకు కొంచెం గర్వమేసింది. మద్దమ్మ ఆ కట్టవైపు చూడలేదు. "అమ్మేది కాదన్నా" అంది. "అయితే సోమవారం నుంచి పనికి రావద్దన్నాడు ఓనరు" అన్నాడు మేస్త్రీ నేలచూపులు చూస్తూ. "సరే" అంది. ఆయన వెళ్ళాక గడపలో కూలబడింది. పద్దెనిమిదేళ్ళ పని అది.

సుంకన్న వచ్చి సంగతి విని, నన్ను అమ్మేయమంటాడనుకున్నాను. అతను నా ప్లైవుడ్డు పెట్టెను ఒక చేత్తో లేపి చూసి, "వంక కనబడే ఆ రాళ్ళదిబ్బ మీదికి దీన్ని నువ్వొక్కదానివే ఎక్కించలేవు" అన్నాడు.

మూడు రోజులు తెల్లవారుజామున, ఈశ్వరమ్మ కూడా తోడు రాగా, ముగ్గురూ నన్ను దిబ్బ మీదికి మోశారు. మొదటి రెండు రోజులు ఏమీ రాలేదు. మూడోనాడు సూర్యుడు అప్పుడే పైకొస్తుండగా వంక ఒడ్డున ట్యాంకరు ఆగింది, వెనక గొట్టం తెరుచుకుంది, తెల్లటి బురద నీళ్ళలోకి దిగింది. మద్దమ్మ నన్ను కదలకుండా పట్టుకుంది. ఈశ్వరమ్మ ఫోను కెమెరాను కన్ను పెట్టి చూసే లెన్సుకు ఆనించింది. ఫోటోలో బండి తలకిందులుగా ఉంది. ఈశ్వరమ్మ ఫోనును తిప్పి పట్టుకుంది. నంబరు ప్లేటు మీది ప్రతి అంకె చక్కగా, నిటారుగా, కాటుకతో దిద్దినట్టు కనబడింది.

ఇరవై ఏడు సంతకాలతో, ఆ ఫోటోలతో మండలాఫీసుకు వెళ్ళారు. ఒకసారి కాదు, ఆరుసార్లు. ఏడోసారి అధికారులు వంక దగ్గరికి వచ్చారు. రాజశేఖరానికి జరిమానా పడింది, ఫ్యాక్టరీలోనే బురదగుంట తవ్వించారు. ట్యాంకర్లు ఆగాయి. మద్దమ్మ పని తిరిగి రాలేదు. ఇప్పుడు డోన్ దారిలో ఇంకో ఫ్యాక్టరీలో, ఇంకొంచెం తక్కువ కూలికి, ఇంకొంచెం ఎక్కువ దూరం నడిచి పనిచేస్తోంది. ఎవరైనా జాలిపడితే, "నేనేం పోగొట్టుకోల్యా" అంటుంది. పోగొట్టుకుంది. నాకు తెలుసు. అయినా ఆ మాట ఆమె అంటే వినడం నాకిష్టం.

రాతిపొడి గాలికి నా అద్దం పూత అక్కడక్కడా మాసింది. మద్దమ్మ ఏడాదికోసారి మంచినీళ్ళతో, దూదితో, పసిపాపకు పోసినట్టు నాకు నీళ్ళు పోస్తుంది. మొన్న పాతసామాన్ల బండివాడొకడు వచ్చి, ఇంట్లో ఎవరూ లేరనుకుని, గోడకు ఆనించిన నన్ను తట్టి చూసి, భుజానికెత్తుకున్నాడు. వీధి చివర నుంచి ఈశ్వరమ్మ గొంతు వినబడింది.

"దించు నాయనా. దానికి సాయంత్రం పనుండాది."

వాడు నావైపోసారి, ఆమెవైపోసారి చూసి దించేశాడు.

ఆ సాయంత్రం మబ్బు పట్టింది. చంద్రుడు లేడు, ఒక్క చుక్క లేదు. అయినా మద్దమ్మ నన్ను వీధిలోకి తెచ్చి, మూత తీసి, మబ్బు వైపే ఎత్తి పెట్టింది. తొమ్మిదిమంది వచ్చి అరుగుల మీద కూర్చున్నారు. ఎవరూ లేచి వెళ్ళలేదు.