ముక్కు లేని వంటవాడి పొగపెట్టె

మా ఆయన ముక్కు పోయింది. అంటే, ఉండాల్సిన చోటే ఉంది, పైగా కాస్త పెద్దదే. కానీ పని చెయ్యడం మానేసింది. జ్వరం ఒకటి వచ్చి, పోతూ పోతూ ఆయనకున్న వాసనలన్నీ మూటగట్టుకుని పోయింది. డాక్టరు లైటు వేసి లోపలంతా చూసి, "వస్తే రావచ్చు, రాకపోతే లేదు" అన్నాడు. ఈ ముక్క చెప్పడానికి అంత చదువు ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆ మాట డాక్టరు మొహానే అనేశాను కూడా. నాకు ముక్కు మీదే కోపం అంటారు అందరూ. అననివ్వండి.

ఇంకో పని చేసుకునేవాళ్ళకైతే ఇదొక పెద్ద లోటు కాకపోవచ్చు. మా ఆయన వంటవాడు. హోటల్లో పెద్ద పొయ్యి ఆయనది. అటు తిరిగి కూరగాయలు తరుగుతూనే, వెనక మూకుట్లో ఉల్లిపాయ ఏ రంగుకొచ్చిందో ముక్కుతో చెప్పేవారు. జ్వరం తగ్గి పనిలోకి వెళ్ళాక ఒకరోజు గిన్నె అడుగంటి, పొగ కళ్ళలో పడేదాకా ఆయనకి తెలియలేదట. ఆ సాయంత్రమే హోటలమ్మ ఆయన్ని తీసుకెళ్ళి టోకెన్ల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఆ హోటలు ఆవిడది, అందుకని అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. మనిషి మంచిదే. "సోమవారం నుంచి కొత్త వంటవాడు వస్తున్నాడు. ఈలోపు ముక్కు లేకుండా నువ్వు చెయ్యగలిగింది ఏదైనా ఉంటే తెచ్చి నా నోట్లో పెట్టు, నీ పొయ్యి నీకే ఇస్తాను. లేదంటే ఇక్కడే హాయిగా కూర్చో, బాబూ" అంది.

ఆ హాయి ఎలాంటిదో నాకే తెలుసు. నేను ఇంట్లో బట్టలు కుడతాను, ఆయన చొక్కాలు నేనే ఉతుకుతాను. ఇన్నేళ్ళూ చొక్కా చేతిలోకి తీసుకోగానే ఆ రోజు హోటల్లో ఏం వండారో తెలిసిపోయేది. "ఈ కంపేంటండీ, ఎన్నిసార్లు ఉతకాలి?" అని రోజూ సణిగేదాన్ని. టోకెన్ల దగ్గరికి వెళ్ళాక ఆ చొక్కాలకి సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. ఉతకని చొక్కా కూడా ఉతికినట్టే ఉండేది. ఆ కంపు ఎక్కడైనా ఉందేమోనని దాన్ని తిప్పి తిప్పి చూసేదాన్ని.

స్మోకర్ అనే పొగపెట్టె మాట ఎత్తింది మా తమ్ముడు. వాడు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. మిషన్ అంటే వాడికి దేవుడితో సమానం. "బావా, పొగ పట్టించిన చేపకి ముక్కెందుకు? థర్మామీటరూ గడియారమూ ఉంటే చాలు. కరెంటు స్మోకర్ ఒకటి తీసుకో. ఇంట్లోనే మేడ మీద పెట్టుకుని చేపా మాంసం పొగబెట్టి హోటలుకి పట్టుకెళ్ళు. వేడి సంగతి అదే చూసుకుంటుంది" అన్నాడు. మా ఆయన మొహంలో ఆశ కనిపించింది. నాకు అది చూసే భయమేసింది. ఈ ఆశ కూడా పోతే ఈయన ఇక లేవరు.

ఆదివారం పొద్దున్నే ముగ్గురం దుకాణానికి వెళ్ళాం. దాని వెనక రేకుల పంచలో స్మోకర్లు వరసగా పెట్టి ఉన్నాయి. అక్కడ ఒక మంచి పద్ధతి ఉంది. మన చేప మనం తెచ్చుకుని, అందులో వేసి, తిని చూసుకున్నాకే కొనుక్కోవచ్చు. మా ఆయన ముందురోజే చేపముక్కల్ని ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళలో నానబెట్టి, తీసి తుడిచి, పైన సన్నగా జిగురు పొర కట్టేదాకా ఆరబెట్టి పట్టుకొచ్చారు. వేలితో అలా తాకి, "పొర వచ్చింది. ఇప్పుడు పొగ అంటుతుంది" అన్నారు. వేళ్ళు ఇంకా ఆయనవే.

దుకాణదారు నోరు తెరిస్తే గ్యారంటీ. తలుపుకి గ్యారంటీ, తీగకి గ్యారంటీ, తన మాటకి గ్యారంటీ. మా తమ్ముడు చెవిలో, "అక్కా, ఇతని పేరే గ్యారంటీ అయ్యుంటుంది" అన్నాడు. మాకు అదే పేరు ఖాయమైపోయింది.

గ్యారంటీ మమ్మల్ని నేరుగా ఒక నల్లటి పెట్టె దగ్గరికి తీసుకెళ్ళాడు. ముందు అద్దం తలుపు, లోపల దీపం. "ఇది మూస్తే చీమంత పొగ కూడా బయటికి రాదండీ. పక్కింటివాళ్ళతో గొడవుండదు."

మా ఆయన ఆ అద్దం మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డారు. "ముక్కుతో తెలియనిది కంటితోనైనా చూసుకోవచ్చు. ఇదే తీసుకుందాం" అన్నారు.

"చేప వెయ్యకుండానే?" అన్నాను. "అద్దం చూసి కొనడానికి ఇదేమైనా బీరువానా?"

చేప వేశారు. పేళ్ళు, అంటే పొగ కోసం వేసే చెక్క ముక్కలు, గుప్పెడు వేస్తే చాలట. మా ఆయన గుప్పెడు వేశారు. అద్దంలోంచి చూశారు. పొగ పలచగా ఉందని ఇంకో గుప్పెడు. ఇంకా సరిపోలేదని మరోటి. పొగ బయటికి పోకుండా పైన మూత బిగించారు. లోపల తెల్లగా, దట్టంగా, పాలు పొంగినట్టు కమ్ముకుంది. ఆయన సంబరం చూడాలి! ముక్కుకి అందని పొగని కళ్ళనిండా నింపుకుంటున్నారు. నాకు కోపం రావాలి కానీ, ఆ మొహం చూస్తే రాలేదు.

తీసేసరికి ముక్కలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. గ్యారంటీ ఒకటి నోట్లో వేసుకుని, "ఆహా! చెయ్యి తిరిగిన మనిషండీ మీరు" అన్నాడు. మా తమ్ముడు మింగడానికి నానా అవస్థా పడుతూ, "సూపర్, బావా" అన్నాడు. ఆయన కూడా ఒకటి తిన్నారు. ఉప్పు సరిపోయిందన్నారు. ఆయనకి తెలిసేది అంతే కదా. తర్వాత నావైపు చూశారు.

నేను నోట్లో పెట్టుకున్నాను. పెట్టుకున్నంత వేగంగానూ ఉమ్మేశాను.

"ఛీ! తారు డబ్బా నాకినట్టుంది. ఇది మనుషులు తినేదేనా?"

తమ్ముడు నా మోచెయ్యి గిల్లాడు. "ఏంటక్కా నువ్వు? బావ అసలే..." అని గొణిగాడు.

మా ఆయన మాత్రం నన్ను అదోలా చూశారు. బాధపడ్డారనుకున్నాను. దగ్గరికొచ్చి, "తారు కంపా? నాలుక మొద్దుబారిందా?" అని అడిగారు.

"బారింది. ఇంకా అలాగే ఉంది."

"జ్వరం వచ్చినప్పటినుంచీ హోటల్లో ఏది చేసినా బాగుంది, బాగుంది అన్నారు అందరూ. గిన్నె మాడిన రోజు కూడా పర్లేదన్నారు. బాలేదన్నదానివి నువ్వొక్కదానివే." ఇది మెప్పో దెప్పో నాకు తెలియలేదు. అంతలోనే ఆయన భుజాలు జారిపోయాయి. "అయినా చూసి కూడా చెడగొట్టాను. కళ్ళతో అయ్యే పని కాదిది."

మిగిలిన ముక్కల్ని పక్కనే ఉన్న బూడిద రంగు ఇనప్పెట్టెలో పెట్టించింది నేనే. దానికి అద్దం లేదు. పైన మూతపడని కన్నం, పక్కన పేళ్ళకి చిన్న సొరుగు. "అది వద్దులెండి, పొగంతా పైకే పోతుంది. దానికి గ్యారంటీ కూడా తక్కువ" అన్నాడు గ్యారంటీ. "మీ గ్యారంటీ నాలుక మీద ఇంకా ఉంది, ఊరుకోండి" అన్నాను.

కాసేపైంది. పెట్టె నుంచి ఏమీ రావడం లేదు. కన్నం మీద ఎండలో ఏదో నీలంగా కదిలీ కదలనట్టు ఉంది, అంతే. మా ఆయన దాని మీద చెయ్యి పెట్టి చూసి, "పేళ్ళు అంటుకోలేదు. పదవే, ఇంటికి పోదాం. టోకెన్లే మేలు" అన్నారు. ఎంతో మామూలుగా అన్నారా మాట.

సంచీ తీసుకుని పెట్టె పక్కనుంచి వెళ్ళబోయాను. వెళ్ళలేకపోయాను.

"ఆగండి. వాసనొస్తోంది."

"ఏం వాసన?"

"పొగ వాసన."

"ఏం పొగ?"

"పొగంటే పొగే! అందులో రకాలుంటాయా?"

"ఉంటాయి. కళ్ళు మూసుకో. నీకు తెలిసిన దాంతోనే చెప్పు."

కళ్ళు మూసుకున్నాను. నాకు తెలిసిందేముంది, గుడ్డలూ దారాలూ. "తడి చీర మీద ఇస్త్రీ పెట్టె పెడితే వస్తుందే, అలాంటిది."

"అయితే చేపలో నీరు ఇంకా ఉంది. ముక్క ఉడక్కుండా ఆ నీరు మెల్లగా పోవాలి. వేడి కాస్త తగ్గించు, బామ్మర్దీ." ఆయన గొంతు మారింది. అది పొయ్యి దగ్గరి గొంతు. ఆ గొంతు విని ఎన్నాళ్ళయింది!

"ఇప్పుడు?"

"పెన్సిల్ చెక్కినట్టు... అంతలోనే ముక్కు చివర చురుక్కుమంటోంది."

"పేళ్ళు మంట అందుకున్నాయి. పొగ రావాలి కానీ మంట రాకూడదు. సొరుగు లాగు!"

తమ్ముడు సొరుగు లాగాడు. మూలన చిటికెన వేలంత మంట. నేనూ, తమ్ముడూ, గ్యారంటీ నోరు తెరుచుకుని దాన్ని చూశాం. మా ఆయన పెట్టెకి రెండు గజాల దూరంలో, వాసనంటూ తెలియని మనిషి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

మంట ఆర్పి పేళ్ళు తగ్గించాం. మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. ఈసారి వాసనలు ఒకటొకటిగా విడివిడిగా రావడం మొదలుపెట్టాయి. ఇన్నాళ్ళూ ఇవన్నీ ఎక్కడున్నాయి? నా ముక్కు కిందే ఉండి నాకే తెలియలేదు. పాత చెక్క పెట్టె మూత తీసినట్టు. కాగుతున్న చక్కెర అంచు రంగు మారుతున్నట్టు. వాన పడ్డాక కొయ్య కిటికీ దగ్గర నిలబడ్డట్టు. నేను తోచిందల్లా చెబుతున్నాను. ఆయన వింటూ తల ఊపుతున్నారు. ఒక దగ్గర, "చక్కెర వాసన పైనుందా, కిందుందా?" అని అడిగారు. వాసనకి పైనా కిందా ఉంటాయా అని కసురుకోబోయాను. కానీ ఉన్నాయి. నిజంగా ఉన్నాయి!

"కింద. పైన కొయ్య వాసన."

"అయితే ఇప్పుడు ముక్కల అంచులు రాగి రంగు తిరిగి ఉంటాయి. మధ్యలో ఇంకా లేతగా ఉంటుంది. వెనక వరసలో ఒక ముక్క ముందే అయిపోయి ఉంటుంది, అది తోక దగ్గరి ముక్క. తెరవండి."

గ్యారంటీ తలుపు తెరిచాడు. రాగి అంచులు. లేత నడుములు. వెనక వరసలో, తోక ముక్క ఒక్కటే పూర్తిగా అయిపోయి ఉంది. గ్యారంటీ ఒక్కసారిగా చెప్పుల్లోంచి కాళ్ళు బయటికి తీశాడు. ఎందుకు తీశాడో అతనికీ తెలిసి ఉండదు.

"ఇంకొంచెంసేపు" అన్నారు మా ఆయన. కొయ్య వాసన వెనక్కి తగ్గి తియ్యటిది పైకొచ్చిందని నేను చెప్పిన క్షణమే, "చాలు" అన్నారు.

ముక్క విరిచి నా చేతిలో పెట్టారు. తిన్నాను. పొగ ముందు రాలేదు. ముందు చేప వచ్చింది, తర్వాత ఉప్పు, తర్వాత ఎక్కడో దూరంగా చక్కెర. పొగ అన్నింటికీ చివర, గొంతు దిగాక, లోపలినుంచి పైకి వచ్చింది. ఇది ఈయన చేశారు. వాసన తెలియకుండా, నా నోటి మాటలు పట్టుకుని, మూసిన ఇనప తలుపు వెనక ఉన్నదాన్ని చేశారు. ఈ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసి, ఈయన చేసే పనేమిటో నాకు ఇవాళ తెలిసింది.

"ఎలా ఉంది?" అన్నారు.

ఇంకో ముక్క విరుచుకుని నోట్లో పెట్టుకున్నాను.

"ఏమే, ఎలా ఉందంటే?"

"బావా, అక్క మాట్లాడటం లేదు" అన్నాడు తమ్ముడు, భయంగా.

మా ఆయన నవ్వారు. జ్వరం తర్వాత అదే మొదటి నవ్వు. "అయితే కుదిరింది. ఆ ఇనప్పెట్టే ఇవ్వండి" అన్నారు.

పెట్టెని తమ్ముడి బండిలో ఇంటికి పంపించి, మిగిలిన ముక్కలు కాగితంలో చుట్టుకుని మేమిద్దరం హోటలుకి వెళ్ళాం. హోటలమ్మ నిలబడే తింది. ముల్లు పక్కకి తీసింది. వేళ్ళు తుడుచుకోవడం మర్చిపోయింది. ఆవిడకి మొహమాటం తెలియదు, నాలాంటిదే.

"ముక్కు వచ్చిందా నీకు?" అంది చివరికి.

"నాది రాలేదండీ" అన్నారు మా ఆయన, నావైపు చెయ్యి చూపించి. "దీనిది తెచ్చుకున్నాను. కాస్త నోరెక్కువ, కానీ అబద్ధం చెప్పదు."

హోటలమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "కొత్తతనికి చిన్న పొయ్యి ఇస్తాను. పెద్దది నీదే. చేప మాత్రం ఇంట్లో ఈవిడ దగ్గరే పొగబెట్టుకుని రా" అంది. ఆయన తల వంచుకుని టోకెన్ల బల్ల తాళంచెవి తీసి ఆవిడ ముందు పెట్టారు.

ఇంటికొచ్చి ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించారు. అలవాటు కొద్దీ ఉతకడానికి తీసుకున్నాను. తీసుకుని అక్కడే ఆగిపోయాను. మొహం అందులో పెట్టుకున్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

గుమ్మంలో నిలబడి ఆయన చూస్తున్నారు. "ఏం వాసన?" అని అడిగారు. పొగపెట్టె దగ్గర అడిగినట్టే, జాగ్రత్తగా.

పొగ, కొయ్య, చేప, చెమట అని అన్నీ విడివిడిగా చెప్పగలను ఇప్పుడు. నేర్పించారు కదా.

"మీ వాసనండీ" అన్నాను.

ఆ చొక్కా ఆ రోజు ఉతకలేదు.