బండి కింద అగరుబత్తి

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి సందులోకి తిరిగితే పిండి గిర్నీ పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో ఈదయ్య సైలెన్సర్ల పని చేసేవాడు. చిల్లులు పడ్డవాటికి వెల్డింగు పెట్టడం, పాడైనవి మార్చడం, గొట్టాలు వంచడం. ఆటో అయినా, వ్యాను అయినా, కారు అయినా ఒకటే. మహబూబ్‌నగర్ వైపు నుంచి మట్టిపనికని వచ్చి ఇనుప పనిలో పడి నలభై ఏళ్లయింది. ఇది 2012 నాటి మాట. అప్పటికి ఆయనకు అరవై దాటాయి.

ఆయన పనికి ఒక పేరుంది. బిగించడం అయిపోయాక ఇంజన్ స్టార్టు చేయించి, ఒక అగరుబత్తి వెలిగించుకుని బండి కిందికి దూరేవాడు. దాన్ని గొట్టం పొడుగునా, ముందు నుంచి వెనకదాకా మెల్లగా తిప్పుకుంటూ వచ్చేవాడు. పెదవులు కదులుతుండేవి. చూసినవాళ్లు పూజ అనుకున్నారు. చిక్కడపల్లి మిస్త్రీ బండి బండికీ పూజ చేసి ఇస్తాడని ఆటోవాళ్లు చెప్పుకున్నారు. కొందరు చెప్పులు విడిచి నిలబడేవారు. ఈదయ్య అవుననలేదు, కాదనలేదు. ఆయన మాట్లాడేదే తక్కువ.

అది పూజ కాదు. ఆయనకు చెవులు దెబ్బతిన్నాయి.

పూర్తిగా పోలేదు. లారీ మోత, డప్పు, దగ్గర నిలబడి మాట్లాడే మనిషి మాట వినిపిస్తాయి. సన్నటి చప్పుళ్లు మాత్రం పోయాయి. నలభై ఏళ్లు రేకు మీద సుత్తి మోగిస్తే మిగిలింది ఇది. మొదట పోయింది కుక్కర్ విజిల్. మూడు విజిళ్లకు పొయ్యి బంద్ చెయ్యమని చెప్పి భార్య తిమ్మమ్మ నల్లా నీళ్లకు పోయింది. ఆయన పొయ్యి ముందే కూర్చుని మొదటి విజిల్ కోసం చూస్తూ ఉన్నాడు. తిమ్మమ్మ బిందె ఎత్తుకుని వచ్చేసరికి పప్పు మాడి ఇల్లంతా పొగ. ఆరోజు ఇద్దరికీ అర్థమైంది.

సైలెన్సర్ పనిలో లీకు అంటే సన్నటి ఈల. అది వినపడనివాడు ఆ పని చెయ్యలేడు. అందుకని ఈదయ్య కంటితో పట్టే దారి వెతుక్కున్నాడు. బోల్టు సందులో గాలి తప్పించుకుంటుంటే అగరుబత్తి పొగ చెదురుతుంది. లేకపోతే నిటారుగా పోతుంది. పెదవులు కదిలింది మంత్రానికి కాదు, బోల్టుల లెక్కకు.

పొగకు అందని చప్పుళ్లకు తిమ్మమ్మ ఉంది. ఆమె అశోక్‌నగర్‌లో పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్లో రొట్టెలు చేసేది. పొద్దున పని ముగించుకుని ఒంటిగంటకు అన్నం డబ్బా పట్టుకుని షెడ్డుకు వచ్చేది. ఈదయ్య ఎట్లాగో పనిని ఒంటిగంటదాకా సాగదీసేవాడు. ఇంజన్ మోగుతుంటే ఆమె పాత టైర్ల మీద కూర్చుని వినేది. చప్పుడు సరిగా లేకపోతే కొంగు చెవి మీదికి లాక్కునేది. బాగుంటే డబ్బా మూత తీసేది. చూసేవాళ్లకు అందులో ఏముంది, ముసలావిడ ముసలాయనకు అన్నం పెడుతున్నది, అంతే.

ఇట్లా రెండేళ్లు గడిచింది. మూడో మనిషికి తెలియదు. తెలియకూడదని ఈదయ్య పట్టుదల. ముషీరాబాద్‌లో లక్ష్మయ్య అనే వెల్డర్‌కు కళ్లు మసకబారాయని తెలిసిన మూడు నెలలకే అతని దగ్గరికి బండి రావడం మానేసింది. ఇంకో ఏడాదికి ఆ చోట సెల్‌ఫోన్ల దుకాణం వెలిసింది. లక్ష్మయ్య పొద్దంతా దాని ముందు మెట్టు మీద కూర్చునేవాడు. ఆ మెట్టు ఈదయ్యకు అప్పుడప్పుడు గుర్తుకొచ్చేది.

ఆ ఎండాకాలం ఒక వ్యాను కింద ఉండగా జాకీ జారింది. అది ఒరుగుతుంటే పిండి గిర్నీ కురుమమ్మ అరిచింది. ఇంకొకసారి అరిచింది. ఆమెది సన్నటి గొంతు. ఈదయ్య కదల్లేదు. పక్కన పెట్టిన మొద్దు మీద బండి ఆగింది కాబట్టి బతికాడు. ఆ సంగతి కురుమమ్మే పోయి తిమ్మమ్మకు చెప్పింది. తెల్లారి నుంచి తిమ్మమ్మది రోజూ ఒకటే మాట, పని మానుకొమ్మని. ఆయన వినపడనట్టు ఉండేవాడు. అది ఆయనకు సులువు.

పదో రోజు పొద్దున ఆమె ఆయన ముందుకొచ్చి నిలబడి, పెదవులు కనపడేటట్టు చెప్పింది.

"ఒకనాడు నేనే సైగ తప్పు జేస్త సూడు. అందరి ముంగట పరువు బోతది. అప్పుడన్న మానుకుంటవ్."

ఈదయ్య అంగీ తొడుక్కుని షెడ్డుకు పోయాడు.

ఆరోజే ప్రేమ్‌సాగర్ కారు వచ్చింది. నారాయణగూడలో వాళ్ల నాన్నకు టైల్స్ దుకాణం ఉంది. కుర్రవాడికి పాతికేళ్లుంటాయి. బొంబాయిలో ఎవరో వాడి అమ్మిన స్పోర్ట్స్ కారు కొనుక్కున్నాడు. ఎర్రటిది, రెండే తలుపులు, నేలకు కరుచుకుని ఉంది. వెనక సీటులో మనిషి పొడుగు అట్టపెట్టె. అందులో బయటి దేశంలో చేసిన సైలెన్సర్, దాని గొట్టాలు, బోల్టులు. షోరూంవాళ్లు బయటి సామాను ముట్టుకోబోమన్నారట. పెద్ద గ్యారేజీలు ఉండగా ఈ సందులోకి ఎందుకు వచ్చాడో అతనే చెప్పాడు.

"ఆటో నగేషన్న చెప్పిండు తాతా. నువ్వు బిగిచ్చినంక పూజ జేసి ఇస్తవంట గదా. నాకు గట్లనే గావాలె."

తర్వాత తనకు కావలసిన మోత ఎట్లా ఉండాలో చెప్పాడు.

"పెద్దగుండాలె గని బొంగురుగుండాలె. పులి గుర్రుమన్నట్టు. జర కీచుమన్నా నేను ఊకోను, ముందే చెప్తున్న."

ఈదయ్య తల ఊపాడు. ఇతను అడిగిన దాంట్లో సగం తనకు వినపడేది, సగం వినపడనిది. ఒంటిగంట గుర్తుచేసుకుని పని మొదలుపెట్టాడు.

కారు కిందికి జాకీ కూడా దూరలేదు. ముందు రెండు చెక్కల మీదికి ఎక్కించి, అప్పుడు జాకీ పెట్టి, నాలుగు మొద్దులు దోపాడు. పాత బోల్టులకు కిరోసిన్ పట్టించి నానబెట్టాడు. సైలెన్సర్‌ను పట్టి వేలాడదీసే రబ్బరు చుట్టలకు సబ్బునీళ్లు రాసి, అవి చిరిగిపోకుండా ఒక్కొక్కటే జార్చాడు. ఇంజన్‌ను అంటుకున్న గొట్టాన్ని ముట్టుకోలేదు. దాని వెనక నుంచి చివరిదాకా పాతదంతా దించాడు. పాతది ఒడిలో పడితే లేవనివ్వనంత బరువుంది. కొత్తది ఖాళీ బిందెలాగా తేలికగా ఉంది.

ప్రేమ్‌సాగర్ కొత్తదాని అడుగున ఉన్న చిన్న బెజ్జం చూసి, చిల్లు పడ్డది అంటగట్టారని పరేషాన్ అయ్యాడు. దానికి వెల్డింగు పెట్టమన్నాడు. అది నీళ్లు కారిపోవడానికి ఉన్నదని ఈదయ్య చెప్పాడు. సైలెన్సర్లో నీళ్లెక్కడివని కుర్రవాడు నవ్వాడు. పొద్దున్నే స్టార్టు చేసి చూడమని మాత్రం అని ఈదయ్య మళ్లీ కిందికి దూరాడు.

కొత్త గొట్టం నడుమ వంపు పాతదానికంటే కొంచెం ఎత్తుగా ఉంది. దాని పైన, కారు అడుగుకు వేడి తగలకుండా ఒక పలచటి రేకు ఉంటుంది. గొట్టానికీ రేకుకూ మధ్య ఒక రూపాయి బిళ్ల దూరేంత సందు మిగిలింది. ఈదయ్య చూశాడు. తగలడం లేదు కదా అనుకున్నాడు. అప్పుడు గొట్టం చల్లగా ఉంది.

ఒంటిగంటకు తిమ్మమ్మ వచ్చి టైర్ల మీద కూర్చుంది. డబ్బా ఒడిలో పెట్టుకుంది. ఈదయ్య స్టార్టు చెయ్యమన్నాడు. కుర్రవాడు లోపల కూర్చుని, అద్దాలు మూసి, ఏసీ పెట్టుకుని తాళం తిప్పాడు. మోత ఈదయ్య పాదాల్లోంచి పైకి వచ్చింది. బాగా బొంగురుగా ఉంది. ఆయన తిమ్మమ్మ వైపు చూశాడు. ఆమె కొంగు చెవి మీదికి లాక్కుంది.

అగరుబత్తి వెలిగించి కిందికి పోయాడు. ప్రేమ్‌సాగర్ అద్దంలోంచి దండం పెట్టాడు. రెండో జాయింటు దగ్గర పొగ చెదిరింది. బోల్టు ఇంకో పావు చుట్టు తిప్పాడు. పొగ నిటారుగా నిలిచింది. బయటికి వచ్చి యాక్సిలేటర్ తొక్కమన్నాడు. మోత పెద్దదయింది. తిమ్మమ్మ మళ్లీ కొంగు లాక్కుంది.

మళ్లీ పోయాడు. మొదటి జాయింటు నుంచి చివరిదాకా తిప్పాడు. పొగ ఎక్కడా చెదరలేదు. బయటికి వచ్చాడు. తొక్కించాడు. ఆమె కొంగు చెవి మీదే ఉంది. ఆయన కళ్లలోకి చూస్తూ ఉంది.

ఈదయ్యకు పొద్దుటి మాట గుర్తుకొచ్చింది. అన్నంత పనీ చేస్తున్నది అనుకున్నాడు. మనసులో ఏదో గట్టిపడింది. చేతులు తుడుచుకుని, అద్దం మీద కొట్టి, అయిపోయింది పొమ్మని కుర్రవాడితో చెప్పాడు.

మొద్దులు తీశాడు. లోపల చల్లగా కూర్చున్న ప్రేమ్‌సాగర్‌కు కూడా పులి గుర్రుమన్నట్టే వినిపించింది. సంతోషంగా పోయాడు. తిమ్మమ్మ కొంగు దించింది. డబ్బా మూత తియ్యలేదు. ఈదయ్య అడగలేదు. ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు.

అరగంటకు కారు తిరిగి వచ్చింది. అద్దాలు దించి ఉన్నాయి. ప్రేమ్‌సాగర్ మొహం కందిపోయింది. నారాయణగూడ ఫ్లైఓవర్ దాకా బాగానే ఉందట. స్నేహితుడికి చూపిద్దామని అద్దాలు దించుకుని అశోక్‌నగర్ సందుల్లోకి పోయాడట. తొక్కినప్పుడల్లా కీచుమని ఇటు గోడకూ అటు గోడకూ కొట్టుకుంటున్నదట. స్టడీహాలు మెట్ల మీద చదువుకునే పిల్లలు పుస్తకాలు మూసి లేచి, డబ్బాల గులకరాళ్లు పోసుకొచ్చినవా అన్నా అని నవ్వారట. ఒక అమ్మాయి బండి ముందుకొచ్చి నిలబడి, ఇంకోసారి ఈ సందులోకి రావద్దని చెప్పి పంపిందట.

ఇదంతా చెప్పి, అక్కడే నిలబెట్టి తొక్కాడు. పిండి గిర్నీలోంచి కురుమమ్మ బయటికి వచ్చి చెవులు మూసుకుంది. ఈదయ్య ఆమె చేతుల వైపు చూశాడు. తర్వాత తిమ్మమ్మ వైపు చూశాడు. ఆమె కొంగు ముట్టుకోలేదు. తల వంచుకుని డబ్బాను చూస్తోంది.

"తాతా, నీకు ఇది ఇనపడ్తలేదా?" అన్నాడు ప్రేమ్‌సాగర్.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కొత్త ఇనుము, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుందని చెప్తే కుర్రవాడు నమ్మేవాడే. ఈదయ్యకు ఆ మాట నాలుక దాకా వచ్చింది.

"ఇనపడది," అన్నాడు. "రెండేండ్లాయె."

ప్రేమ్‌సాగర్ ఇంజన్ ఆపాడు.

"మరి గంతసేపు కింద పూజ జేస్తివి?"

"పూజ గాదు బిడ్డా. పొగతోని లీకు సూస్త."

కుర్రవాడికి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. తను దండం కూడా పెట్టానన్నాడు. చెవులు లేని మనిషి దగ్గరికి మోత కోసం వచ్చానని తనను తానే తిట్టుకున్నాడు. కురుమమ్మ నడుముకు చేతులు పెట్టుకుని అంతా విన్నది. ఇక సాయంత్రానికల్లా చిక్కడపల్లి మొత్తానికి తెలుస్తుందని ఈదయ్యకు అర్థమైంది. లక్ష్మయ్య కూర్చునే మెట్టు కళ్ల ముందుకు వచ్చింది.

అప్పుడు తిమ్మమ్మ లేచింది. కుర్రవాణ్ని మళ్లీ స్టార్టు చేసి తొక్కమంది. కారు పక్కన నడుము వంచి, ముందు నుంచి వెనకదాకా చెవి వంచుకుంటూ నడిచి, మళ్లీ సగం దాకా వచ్చి ఆగింది. తలుపు కింద ఒకచోట వేలు పెట్టి చూపించింది. తర్వాత మొగుడి ముందుకొచ్చి నిలబడి చెప్పింది.

"ఎనక సైలెన్సర్ గాదు. నడుమ. రేకు కొట్టుకుంటున్నది. గా పొద్దటి మాట కోపంల అన్న. సైగ ఎన్నడు తప్పు జెయ్యలే నేను."

ఈదయ్య కారును మళ్లీ ఎత్తి, మొద్దులు దోపి, కిందికి దూరి రేకు మీద గుడ్డ చుట్టిన వేలు పెట్టాడు. తొక్కినప్పుడల్లా వేలికి అదురు తెలిసింది. రూపాయి బిళ్ల సందు ఇప్పుడు లేదు. వేడికి గొట్టం సాగి, ఊగి రేకును తాకుతోంది. చల్లగా ఉన్నప్పుడు కొలిచిన కొలత వేడిలో నిలవదని నలభై ఏళ్లుగా తెలిసినవాడే. పొగ చెదరలేదు కాబట్టి తప్పు లేదనుకున్నాడు. ఆమె అబద్ధమాడిందని కూడా అనుకున్నాడు.

గొట్టం చల్లారేదాకా కాచుకున్నారు. ప్రేమ్‌సాగర్ ఎక్కడికీ పోలేదు, టైర్ల మీద కూర్చున్నాడు. ఈదయ్య రేకు బోల్టులు వదులు చేసి, మధ్యలో మందపు వాషర్లు వేసి, దాన్ని గొట్టానికి దూరంగా వంచాడు. తర్వాత చాలాసేపు తొక్కించి, గొట్టం బాగా వేడెక్కిన తర్వాత కూడా తొక్కించాడు. కుర్రవాడు ఈసారి అద్దాలు దించి, ఈదయ్య వైపు కాదు, తిమ్మమ్మ వైపు చూస్తున్నాడు. ఆమె ఒకసారి వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ఇంకో వాషర్ పడింది. అప్పుడు ఆమె పోయి టైర్ల మీద కూర్చుని డబ్బా మూత తీసింది. అన్నం ఎప్పుడో చల్లారిపోయింది.

సంగతి సాయంత్రం దాకా కూడా ఆగలేదు. తమ దగ్గరికొచ్చిన సైలెన్సర్ పనులను ఈయనకు పంపించే గ్యారేజీలు రెండు ఆ వారమే పంపడం మానేశాయి. నలుగురైదుగురు ఆటోవాళ్లు కూడా రాలేదు. మిగిలినవాళ్లు వచ్చారు. తిమ్మమ్మ హాస్టల్లో మాట్లాడుకుని పొద్దుటి రొట్టెల వరకే పెట్టుకుంది. పదింటికల్లా షెడ్డులో ఉండేది. ఒక తాడు తెచ్చి, ఈదయ్య బండి కిందికి పోయే ముందు ఆయన కాలి చీలమండకు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకునేది. ఒకసారి లాగితే ఆగమని. గట్టిగా లాగితే ఉన్నపాటున బయటికి రమ్మని. మొదటి రెండు రోజులు ఆయన ఒప్పుకోలేదు. మూడో రోజు తనే కాలు చాపాడు.

పదిహేను రోజులకు నగేష్ తన ఆటో తెచ్చాడు. ప్రేమ్‌సాగర్‌ను పంపింది తనే కాబట్టి డబ్బా మూత సంగతితో సహా అంతా విన్నాడు. పని అయింది. ఈదయ్య అగరుబత్తి వెలిగించగానే నగేష్ చెప్పులు విడిచాడు.

"పూజ గాదు," అన్నాడు ఈదయ్య.

"తెల్సు పెద్దాయనా," అన్నాడు నగేష్. చెప్పులు మాత్రం తొడుక్కోలేదు.

ఈదయ్య కిందికి దూరాడు. తాడు ఆయన వెంట పాకింది. నగేష్ ఇంజన్ మోగిస్తూ, తిమ్మమ్మ ఒడిలోని డబ్బా మూత వైపు చూస్తూ నిలబడ్డాడు.