నడిమిగది సాగిన వారం

సోమవారం పొద్దున ఎనిమిదీ పదికి కంట్రోలు రూము చెబుతుంది: "అన్ని స్టేషన్లకూ కంట్రోలు. జూట్‌మిల్లు కార్మికుల కాలనీ, నాలుగో వరస, దాలినాయుడు గారి ఇంట్లో నడిమిగది పదకొండు అడుగులు సాగింది. అటుగా వెళ్లే బళ్లు చూసుకుని వెళ్లవలెను. ఓవర్."

వరండాలో కుర్చీ మీద కూర్చుని ఉన్న దాలినాయుడు ఒళ్లోని పెట్టెలో ఆ మాట విని పుస్తకంలో రాసుకుంటాడు. "8-10. నడిమిగది. 11 అడుగులు." గోనెసంచుల మీద కొట్టే ముద్రల్లాంటి పెద్ద పెద్ద అక్షరాలు. మూడో తరగతి దాటని చెయ్యి అది.

రాయడం అయ్యాక వెనక్కి తిరిగి చూస్తాడు. చెప్పింది నిజమే. వరండా గుమ్మం నుంచి వెనకగది గుమ్మానికి నిన్నటిదాకా తొమ్మిది అంగలు. ఇవాళ పద్నాలుగు.

వెనకగదిలో నులకమంచం ఉంది. మంచం మీద ఎవరూ లేరు. భార్య అసిరమ్మ పోయి నలభై రోజులు దాటింది.

వైర్‌లెస్ మాటలు వినిపించే ఆ చిన్న పెట్టె, మిల్లు మూసేసిన ఏడాది, పాతసామాన్ల కొట్టులో దొరికింది. దాని మీద ఎర్రదీపం ఒకటి అంకె నుంచి అంకెకి నడుస్తూ, మనిషి గొంతు తగిలినచోట ఆగుతుంది. పోలీసులు, ఫైరింజను, రైల్వే గేటు, మునిసిపాలిటీ నీళ్ల లారీలు, ఊరంతా అందులోనే మాట్లాడుకుంటుంది. వినడమే గాని అందులోంచి తిరిగి మాట్లాడలేం, ఆ పెట్టెకి చెవులే గాని నోరు లేదు. "నీకు తగ్గ జోడు దొరికింది మావా," అనేది అసిరమ్మ.

విన్నదల్లా ఆయన రాస్తాడు. గేటు వేశారు. గేటు తీశారు. మార్కెట్టు కూడలిలో ఆంబోతు పడుకుంది. ఆంబోతు లేచింది. ఎవరూ రాయమనలేదు. కానీ మొదలైనదేదో ముగిసిందాకా ఆయనకి మనసు నిలవదు. గేటు వేశారని రాస్తే, తీశారని రాసిందాకా భోజనానికి కూడా లేవడు.

పది గంటలకి బంగారయ్య టీ ఫ్లాస్కు పట్టుకుని వస్తాడు. మగ్గాల షెడ్డులో ఇరవై తొమ్మిదేళ్లు ఆయనది పక్క మగ్గం. గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూస్తాడు.

"ఏట్రా దాలిగా, ఇల్లు పెంచేస్తన్నావు? నీ నోట్నించి మాట రాదు గాని, ఇంట్నించి గది వొచ్చేస్తందే!"

దాలినాయుడు చెవితమ్మె పట్టుకుని లాగుతాడు. అంటే టీ పొయ్యమని.

అది షెడ్డు భాష. నూటఎనభై మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే అరిచినా పక్కవాడికి వినపడదు. అందుకని అందరూ చేతుల్తో మాట్లాడుకునేవారు. నుదుటి మీద వేలు పెడితే సూపర్‌వైజరు వస్తున్నాడని. బొటనవేలు లోపలికి మడిచి అరచెయ్యి పైకెత్తితే, విన్నాను, వస్తున్నాను అని. సంచులు కుట్టే సెక్షనులో పనిచేసే అసిరమ్మ పదకొండు మగ్గాల అవతల నిలబడి, నన్ను చేసుకుంటావా అని చేతుల్తో అడిగినప్పుడు, దాలినాయుడు ఎత్తింది ఆ చెయ్యే. పెళ్లయ్యాక ఇంట్లోనూ అదే చెయ్యి. నీళ్లు తెమ్మన్నా, అన్నానికి లెమ్మన్నా చెయ్యి లేచేది, కొంచెంసేపటికి మనిషి లేచేవాడు.

మంగళవారానికి నడిమిగది రైలుకట్ట దాటిపోతుంది.

"గేటుమాన్ అడుగుతున్నాడు, గదికి గేటు ఎటువైపు వేయాలి? ఓవర్," అంటుంది పెట్టె.

"రెండువైపులా వేయమనండి. ఎటునుంచి ఎవరు వస్తారో చెప్పలేం. ఓవర్," అంటుంది కంట్రోలు. ఆడగొంతు. అలసిపోయినా మర్యాద తప్పని గొంతు.

మధ్యాహ్నం నీళ్ల లారీ దారి తప్పి గదిలోకి వస్తుంది. బిందెలు పట్టుకుని ఆడవాళ్లు గోడవారగా వరస కడతారు. అసిరమ్మ బొట్టుబిళ్లలు అంటించి వదిలేసిన అద్దం దగ్గర వరస మొదలై, కనుచూపుమేర సాగుతుంది.

"ఇక్కడైతే ఎండ లేదమ్మా," అంటుంది వాళ్లలో ఒకామె. "రోజూ ఇందలకే రమ్మని లారీవోడికి సెప్పాల."

దాలినాయుడు రాస్తాడు. "1-40. లారీ వచ్చింది. 2-30. లారీ వెళ్లింది." నడిమిగది ఎందుకు సాగుతోందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ కారణం రాయడానికి కింద ఒక వరస ఖాళీగా ఉంచుతాడు.

బుధవారం మార్కెట్టు కూడలి గదిలోకి వస్తుంది, ఆంబోతుతో సహా. ఒక పెళ్లి ఊరేగింపు పొద్దున్నే బయల్దేరి, పెళ్లికూతురి ఇల్లు ఇంకా గదికి ఆ చివరే ఉండటంతో, బాజాలు ఆపి నిమ్మసోడా తాగుతుంది. పెళ్లికొడుకు గుర్రం దిగి దాలినాయుడి దగ్గరికి వచ్చి, "తాతా, ఇంకెంత దూరం?" అని అడుగుతాడు. ఆయన చేతులు చాపి, తెలియదన్నట్టు తిప్పుతాడు.

సాయంత్రం కంట్రోలు కారణం చెబుతుంది.

"అన్ని స్టేషన్లకూ కంట్రోలు. ఆ ఇంట్లో ఒక పిలుపుకి జవాబు అందలేదు. జవాబు అందిందాకా లైను తెరిచే ఉంచాలి. తెరిచిన లైను సాగుతుంది. ప్రజలు సహకరించవలెను."

దాలినాయుడు పెన్ను కింద పెడతాడు. ఖాళీగా ఉంచిన వరసలో ఏమీ రాయడు.

గురువారం పొద్దున ఎనిమిదీ పదికి పెట్టె ఆయన్ని పేరు పెట్టి పిలుస్తుంది.

"దాలినాయుడు గారూ, కంట్రోలు. అసిరమ్మ గారు మిమ్మల్ని మూడుసార్లు పిలిచారు. మొదటిసారి 'మావా' అన్నారు. రెండోసారి 'ఓ మావా' అన్నారు. మూడోసారి పేరు పెట్టి పిలిచారు. విన్నారా? ఓవర్."

దాలినాయుడు బొటనవేలు మడిచి చెయ్యి ఎత్తుతాడు.

"జవాబు అందలేదు. విన్నారా? ఓవర్."

చెయ్యి ఇంకొంచెం పైకెత్తుతాడు. భుజం నొప్పి పుడుతుంది.

"జవాబు అందలేదు."

టీ ఊదుకుంటున్న బంగారయ్య గ్లాసు దించుతాడు. నవ్వబోయి మానేస్తాడు.

"ఒరే దాలీ. ఆయమ్మ పోయిన దినం గూడా ఇలగే సేసినావేట్రా?"

దాలినాయుడు చెయ్యి దించడు.

"ఆయమ్మకి సుగరొచ్చి కళ్లు పోయి ఏడాదైంది గదరా. సెయ్యెత్తితే ఏటి కనబడతాదిరా?"

ఆ ఏడాదంతా అసిరమ్మ అంటూనే ఉండేది. "ఇన్నావా, నేదా మావా? గోడకి సెప్పినా ఒక పెచ్చన్నా రాల్తాది." ఆయన విన్నాడు. ప్రతిసారీ చెయ్యి ఎత్తాడు. జవాబు చెప్పాననే అనుకున్నాడు.

పుస్తకం వెనక్కి తిప్పుతాడు. అసిరమ్మ చనిపోయిన సోమవారం పేజీ దొరుకుతుంది. "8-10. గేటు వేశారు." దాని కిందే, "8-25. గేటు తీశారు." రెండు వరసల మధ్య సన్నటి ఖాళీ. ఆ ఖాళీలో మూడు పిలుపులున్నాయి. మూడుసార్లు ఎత్తిన చెయ్యి ఉంది. గేటు తీశారని రాసి లోపలికి వెళ్లేసరికి, అసిరమ్మ గుమ్మంవైపు చెవి ఒగ్గి పోయి ఉంది.

"నేను ఎల్తాను," అంటాడు దాలినాయుడు.

ఆ నెలలో ఆయన నోటినుంచి వచ్చిన మొదటి మాట అది. బంగారయ్య బిత్తరపోయి, ఫ్లాస్కు మూత పెట్టడం మరిచిపోతాడు.

"ఎల్లు. నానిక్కడ కూకుంటాను. నీ గది నాను తొక్కకూడదు."

శుక్రవారం పొద్దున దాలినాయుడు పెట్టెని చొక్కా జేబులో, పుస్తకాన్ని చంకలో పెట్టుకుని నడిమిగదిలోకి అడుగు వేస్తాడు. రైల్వే గేటు వేసి ఉంటే నిలబడతాడు. గేటు వేశారు అని రాస్తాడు. గూడ్సుబండి ఒకటి గోడలో పుట్టి ఎదురుగోడలోకి పోతుంది. గేటు తీశారు అని రాసి దాటుతాడు. కూడలిలో ఆంబోతు లేచి దారి ఇస్తుంది. నీళ్ల వరసలో ఆడవాళ్లు బిందెలు చంక మార్చుకుంటారు.

"ఎక్కడికి బాబూ?"

"ఇంట్లోకి," అంటాడు.

"అలగైతే తిన్నగా ఎల్లు. గోడ పట్టుకో, ఒగ్గకు."

గోడ మీద చెయ్యి ఆనించి నడుస్తాడు. చేతికి ఒక చోట జిడ్డు తగులుతుంది. కళ్లు పోయాక అసిరమ్మ ఇలాగే గోడ పట్టుకుని వరండాలోకి వచ్చేది. ఆవిడ అరచేతి మరక ఆ ఎత్తులోనే మైళ్లకొద్దీ సాగి ఉంది. ఆయన తన చేతిని ఆ మరక మీదనుంచి తియ్యడు.

శనివారం పొద్దునకి మగ్గాల షెడ్డు వస్తుంది. మిల్లు మూసి పదకొండేళ్లయింది గాని, గదిలోపల మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. ఆ రొదకి జేబులో పెట్టె మూగబోతుంది. బతికున్నవాళ్లూ పోయినవాళ్లూ ఎవరి మగ్గం దగ్గర వాళ్లు నిలబడి, తల తిప్పకుండా చేతుల్తో పలకరిస్తారు. దాలినాయుడు అందరికీ చేతుల్తోనే బదులు చెబుతూ నడుస్తాడు.

పదకొండు మగ్గాల అవతల నులకమంచం ఉంది. మంచం మీద అసిరమ్మ కూర్చుని ఉంది. చేతిలో సంచులు కుట్టే దబ్బనం. దానికి దారం లేదు. చెవి గుమ్మంవైపు ఒగ్గే ఉంది.

దాలినాయుడి చెయ్యి దానంతట అది లేస్తుంది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని కిందికి దించుతాడు.

ముందుకి ఒక అడుగు వేస్తాడు. మంచం ఒక అడుగు వెనక్కి జరుగుతుంది. ఇంకో అడుగు వేస్తాడు. మంచమూ అంతే. ఎప్పుడు లెక్కపెట్టినా మధ్యన పదకొండు మగ్గాలే. చెయ్యి ఎత్తితే ఆవిడ చూడలేదు. పిలిస్తే మగ్గాలు విననివ్వవు.

అయినా నోరు తెరుస్తాడు.

"ఒలే అసిరీ. ఇన్నానే. వస్తన్నాను."

ఆ మాట పెదవుల దగ్గర పురి తిరిగి జనపనార దారమై బయటికి వస్తుంది. బంగారు రంగు, మిల్లు నూనె వాసన. మొదటి మగ్గం మీదుగా పోతుంది, రెండో మగ్గం మీదుగా పోతుంది. దాని వెనకే, ఇన్నేళ్లూ అనకుండా ఉండిపోయిన మాటలు ఒకదాని కొస పట్టుకుని ఒకటి వస్తాయి. ఆకుపచ్చ చీర నప్పిందన్న మాట. పులుసు బాగుందన్న మాట. పుట్టి తొమ్మిది రోజులే బతికిన బిడ్డకి ఏం పేరు పెడదామనుకున్నాడో ఆ మాట. కాళ్లు నొప్పులా అన్న మాట. గొంతు ఒరుసుకుపోతుంది. ఆయన నోరు మూయడు.

దారం కొస అసిరమ్మ ఒళ్లో పడుతుంది. ఆవిడ దాన్ని తడిమి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చాలాసేపు నలుపుతుంది. ఏ మాట ఎక్కడ ఉందో వేళ్లకి తెలుస్తుంది. ఒక చోట వేళ్లు ఆగిపోతాయి. బిడ్డ పేరు దగ్గర. మళ్లీ కదులుతాయి.

ఆవిడ పెదవులు కదుపుతుంది. రొదలో వినపడకపోయినా, పెదవులు చదవడం ఆయనకి కొత్త కాదు.

"పురి సాల్దు మావా. అయినా పరవానేదు."

దబ్బనంలోకి దారం ఎక్కించి, అసిరమ్మ కుట్టడం మొదలుపెడుతుంది. ఈ గోడ అంచూ ఆ గోడ అంచూ దగ్గరికి లాగి, ఎడాపెడా కుట్టు వేస్తుంది. ఒక కుట్టుకి పదకొండు మగ్గాలు ముడుచుకుని ఆగిపోతాయి. ఇంకో కుట్టుకి నీళ్ల వరస. ఇంకోదానికి ఆంబోతు, కూడలి, నిమ్మసోడా తాగుతున్న పెళ్లివారు. ఆ తర్వాత రైల్వే గేటు, రెండువైపులా వేసి ఉన్నది వేసి ఉన్నట్టే. దాలినాయుడు నడవడు, గదే ఆయన్ని వెనక్కి నెడుతుంది. మడమలకి వరండా చప్టా తగులుతుంది.

ఆఖరి కుట్టు లోపలినుంచి పడుతుంది. ముడి కూడా లోపలే.

ఇప్పుడు నడిమిగది లేదు. వెనకగదీ లేదు. వరండా గుమ్మంలో ఒక గోనెసంచి నిలబడి ఉంది, మోకాలెత్తున, మూతి కుట్టేసి. కుట్టులోంచి వచ్చిన దారం దాలినాయుడి పెదవుల మధ్యకి పోయి ఉంది.

"అన్ని స్టేషన్లకూ కంట్రోలు," అంటుంది సంచిలోంచి ఆ ఆడగొంతు, గుడ్డ చాటునుంచి వచ్చినట్టు. "పిలుపుకి జవాబు అందింది. లైను మూసేస్తున్నాం. అందరికీ నమస్కారం."

జేబులోని పెట్టె మీద ఎర్రదీపం అంకె నుంచి అంకెకి నడుస్తుంది. ఎక్కడా ఆగదు.

బంగారయ్య లేచి వచ్చి, సంచిని రెండు చేతులా ఎత్తి, మిల్లులో తూకం వేసేవాడిలా కళ్లు మూసుకుని బరువు చూస్తాడు.

"ఊరంతా ఇందలే ఉందేట్రా? ఇంత తేలిగ్గా ఉందే!" దించి, మెల్లగా అడుగుతాడు. "ఏటందిరా ఆయమ్మ?"

దాలినాయుడు నోరు తెరవడు. తెరిస్తే దారం తెగుతుంది. సంచి ముందు చప్టా మీద కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుంటాడు.

గోనె నడుమ ఒక చోట లోపలినుంచి ఉబ్బుతుంది. ముందు అరచెయ్యి, ఆ తర్వాత నాలుగు వేళ్లు. బొటనవేలు మడిచి ఉంది.

ఆయన రాస్తాడు. "8-10. చెయ్యి ఎత్తింది."

ఆ చెయ్యి దిగినప్పుడు రాయడానికి కింద ఒక వరస ఖాళీ ఉంచి, పెన్ను పట్టుకుని కూర్చుంటాడు. బంగారయ్య భోజనానికి లెమ్మంటాడు. ఆయన లేవడు. గోనెలోంచి చెయ్యి అలాగే పైకి లేచి ఉంటుంది, పెదవుల మధ్యనుంచి దారం కొద్దికొద్దిగా లోపలికి పోతూనే ఉంటుంది.