గొంతు కోయని టైరు

బావ చూపుడు వేలు నాలుక మీద పెట్టి తడి చేసుకున్నాడు. ఆ వేలితో టైరు మీద ఒక గీత గీశాడు. గీత పొడవునా పాలిష్ నల్లగా మెరిసింది. అదే వేలితో పళ్ల సందున ఇరుక్కున్నదేదో లాగి, వెలుతుర్లో తిప్పి చూసుకుని, మళ్లీ నోట్లో వేసుకున్నాడు.

డ్రైవరమ్మ చూపు పక్కకి తిప్పుకుంది.

"చూడు మరదలా, అద్దంలా ఉంది. మొహం చూసుకోవచ్చు," అన్నాడు బావ.

"మొహం చూసుకోవడానికి ఇంట్లో అద్దం ఉంది బావా. నాకు రోడ్డు పట్టుకునే టైరు కావాలి."

డ్రైవరమ్మ అన్న పేరు ఆమెకు పేషెంట్లు పెట్టింది. వారానికి మూడు రోజులు, కొండ మీది ఊరి నుంచి ముగ్గుర్ని కారులో ఎక్కించుకుని, ఇరవై రెండు మలుపులు దిగి, కింద ఆసుపత్రిలో డయాలసిస్‌కి దింపుతుంది. సాయంత్రం మళ్లీ పైకి తెస్తుంది. నిన్న తుంపర పడుతుంటే పద్నాలుగో మలుపులో బండి అరటితొక్క మీద కాలేసినట్టు గజం దూరం జారింది. అంచు రాయి తగిలి ఆగింది కాబట్టి సరిపోయింది. వెనక సీట్లో, ముగ్గురు పేషెంట్లలో ఒకరైన టైలరమ్మ కెవ్వుమనలేదు, తిట్టలేదు. చెయ్యి చాచి డ్రైవరమ్మ భుజం పట్టుకుంది, అంతే. ఆ చెయ్యి ఇంకా భుజం మీదే ఉన్నట్టుంది.

నాలుగు టైర్లూ గుండు కొట్టించుకున్నట్టు నున్నగా అయిపోయాయి. కొత్తవి కొనాలంటే నెలాఖరు దాకా ఆగాలి. రేపు పొద్దున బండి కదలకపోతే ముగ్గురి ఒంట్లో విషం అలాగే ఉండిపోతుంది. కదిలితే పద్నాలుగో మలుపు ఉండనే ఉంది. అందుకే, ఎన్నేళ్లయినా అడుగు పెట్టనని ఒట్టేసుకున్న బావ పాత టైర్ల కొట్టుకి వచ్చింది.

కొట్టంటే రేకుల షెడ్డు. పేర్చిన పాత టైర్లలో వాననీళ్లు నిలిచి పాచి పట్టాయి. ఒక టైరులో దోమపిల్లలు లుకలుకలాడుతున్నాయి. ఇంకో దాంట్లో ఎలుక చచ్చి ఉబ్బి తేలుతోంది. మూలన డ్రమ్ములో మాడిన ఇంజనాయిలూ మసీ కలిపిన పాలిష్ ఉంది. దాని మూత మీద బావ టిఫిన్ డబ్బా తెరిచి ఉంది. డ్రమ్ము మీద వాలిన ఈగే డబ్బా మీద వాలుతోంది. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో ఎవరికైనా చూపించాలంటే ఈ షెడ్డుకి తీసుకొస్తే చాలు.

ఆమె ముక్కు మూసుకోలేదు. మూసుకుంటే టైరుని వాసన చూడలేదు. లారీ డ్రైవరుగా బతుకంతా గడిపిన నాన్న ఆమెకు మూడు సంగతులు నేర్పాడు. పాత టైరు కొనేముందు వాసన చూడాలి, లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడమాలి. మన టైరు పంక్చరు షాపులో మారిపోకుండా కాల్చిన ఊచతో టైరు పక్కభాగం, అంటే పక్కగోడ మీద బండి నెంబరు ముద్ర వేసుకోవాలి. పనికిరాని టైరుని పారేసేముందు కత్తితో దాని పక్కగోడ చీల్చాలి. "చచ్చినదాని గొంతు కొయ్యి. లేకపోతే ఎవడో ఒకడు దానికి రంగేసి ఇంకొకడికి అంటగడతాడు," అనేవాడు.

బావ చూపించిన టైరులో ఆమె చెయ్యి పెట్టింది. సగం చుట్టు తిరిగాక వేళ్లకి మెత్తగా, జిగురుగా తగిలింది. పుండు మీద కట్టు కట్టినట్టు లోపల పాత ట్యూబు ముక్క అతికించి ఉంది. చెయ్యి బయటికి తీస్తే వేళ్లకి పచ్చటి జిగురు సాగింది. కుళ్లిన చేపల వాసన.

బావ గడగడా చెప్పుకుపోతున్నాడు. పెద్ద ఆఫీసరు కారువట ఇవి, షికార్లకి తప్ప బయటికి తీయలేదట, బయటివాళ్లకైతే చూపించనైనా చూపించడట, మరదలు కాబట్టి దాచి ఉంచాడట. ఆమె వింటూనే గుడ్డముక్కని పెట్రోల్లో ముంచి టైరు పక్కగోడ తుడవడం మొదలుపెట్టింది. టైరు ఏ వారం ఏ ఏడు తయారైందో చెప్పే అంకెలు రాపిడి పెట్టి చెరిపేసి ఉన్నాయి. ఇంకొంచెం తుడిచింది. పాలిష్ పొక్కులు పొక్కులుగా లేచింది. దాని కింద కాల్చిన గుర్తు ఒకటి బయటపడింది.

నలభై ఏడు. ఏడుకి నడుము మీద అడ్డగీత. నాన్న ఏడు అలాగే రాసేవాడు. ఆమె కూడా అలాగే రాస్తుంది.

ఆమె బండి నెంబరే అది. ఆమె టైరే.

కిందటి వానాకాలం రెండు టైర్లకు పక్కన బొబ్బలు లేచాయి. విప్పి, గొంతు కోయడానికి కత్తి కూడా తీసింది. అప్పుడే బావ వచ్చాడు. పెరట్లో పూలమొక్కలు పెట్టుకుంటాను, చీలిస్తే మట్టి నిలవదు, ఇలాగే ఇచ్చెయ్యి అన్నాడు. అక్క మొగుడు, పూలమొక్కలు. ఆమె కత్తి మడిచి జేబులో పెట్టుకుంది. ఆ రోజు చేసిన తప్పు ఇవాళ అరిగిన చోట కొత్త గాడుల్లా వేడి బ్లేడుతో గాట్లు కోయించుకుని, ఒంటికి రంగు పూసుకుని, ఆమె ముందే నిలబడింది.

"పూలమొక్కలు బాగా పూశాయా బావా?"

గుమ్మడికాయల దొంగ అనకముందే బావ భుజాలు తడుముకున్నాడు. వందల టైర్లలో ఏది ఎవరిదో తనకేం తెలుసన్నాడు. పాలిష్ పూశాక అన్నీ ఒక్కలాగే ఉంటాయన్నాడు. ఆ మాట మాత్రం నిజమే.

"రెండోది ఏది?"

"ఇదీ అదీ ఒకే రోజు పూసి ఒకదాని మీద ఒకటి పెట్టా. పైది పొద్దున తీసేశా." చెబుతూ చెబుతూ బావ మాట మధ్యలో ఆగిపోయాడు. పాలిష్ లేని చోటల్లా మొహం పాలిపోయింది.

"ఎవరికిచ్చావు?"

ఎవరికీ ఇవ్వలేదు. పొద్దున అక్క ఏదో ఆఫీసులో కాగితాలివ్వడానికి కిందికి బయల్దేరబోతుంటే కారుకి మేకు దిగింది. తన కారుకి మూడు నెలల కిందటే కొత్త టైర్లు వేయించుకున్న పెద్దమనిషి, తొందరలో పంక్చరైనది విప్పి, చేతికందిన టైరు తగిలించాడు. పాలిష్ నిగనిగలాడుతుంటే మంచిదే అనుకున్నాడు. ఊరందరి కళ్లకీ పూసిన మసి చివరికి తన కళ్లకే అంటింది.

అక్కకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. బండి నడిపేటప్పుడు ఫోన్ వెనక సీట్లో పడెయ్యడం అక్కకు నాన్న నేర్పిన అలవాటు.

"గట్టిగానే అతికించాను లే, ఏం కాదు," అన్నాడు బావ. "మొన్న ఒకాయనకి ఇలాంటిదే ఇస్తే రెండు నెలలు తిరిగింది."

"తర్వాత?"



ఆమె కారు తీసింది. బావ పిలవకుండానే పక్క సీట్లో కూలబడ్డాడు. అతనితోపాటు డ్రమ్ము కంపంతా లోపలికొచ్చింది. తుంపర మళ్లీ మొదలైంది. పరుగెత్తించాలని ప్రాణం కొట్టుకుంటోంది, కింద చూస్తే గుండు టైర్లు. మొదటి మలుపు, రెండో మలుపు, బ్రేకు మీద కాలు ఈకలా ఆనించి దిగుతోంది. ప్రతి మలుపు దగ్గరా అంచు దాటి లోయలోకి చూస్తోంది. ఎక్కడా అక్క తెల్లకారు పడి కనిపించకూడదు.

ఆరో మలుపులో బండి వెనక భాగం కొద్దిగా జారింది. బావ రెండు చేతులా తలుపు పిడి పట్టుకున్నాడు.

"మెల్లగా పోనీ మరదలా. నీ టైర్లు అస్సలు బాగాలేవు."

ఆమె గేరు తగ్గించి ఏడో మలుపు తిప్పింది. 

తొమ్మిదో మలుపు దాటాక టీ బడ్డీ. దాని పక్కన తెల్లకారు. కారుకి ఆనుకుని అక్క టీ తాగుతోంది. పైకి వస్తుంటే స్టీరింగ్ వణికిందట, మనసు కీడు శంకించి ఆపేసిందట.  డ్రైవరమ్మ దిగి అక్క కారు చుట్టూ తిరిగింది.

ముందు టైరు పక్కన కొబ్బరికాయంత బొబ్బ లేచింది. సాగిన చోట పాలిష్ పగిలి, పండిన కురుపులా దారాలు తేలాయి. ఇంకో రెండు మలుపులు ఎక్కితే పేలేది.

బావ దిగి గబగబా వెళ్లాడు. అక్క దగ్గరికి కాదు, టైరు దగ్గరికి. గొంతుకూర్చుని బొబ్బని బొటనవేలితో నొక్కి చూశాడు. వేలు తడి చేసుకుని దాని మీద గీశాడు.

"ఇంకా పేలలేదు, నయం," అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. "లోపల ఇంకో ముక్క అతికిస్తే ఎవరికైనా ఇవ్వొచ్చు."

అక్క టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. నోట్లో నాలుక లేని మనిషని ఊళ్లో పేరు. చెల్లెలి మొహం చూసింది, మొగుడి వేలు చూసింది, అంతా అర్థమైంది.

"చెల్లీ, నా కారు చక్రాలు నీ కారుకి సరిపోతాయా?"

"ఒకటే సైజు అక్కా."

"మంచివి మూడున్నాయి. నాలుగోది?"

"నా స్టెప్నీ ఇంకా వాడలేదు."

"అయితే జాకీ తియ్యి."

మొగుడు ఏదో అనబోతే అక్క అతని వైపు తిరగనైనా లేదు. అక్కచెల్లెళ్లిద్దరూ నట్లు విప్పారు. తెల్లకారుని రాళ్ల మీద నిలబెట్టి, దాని మూడు చక్రాలూ స్టెప్నీ కలిపి డ్రైవరమ్మ కారుకి బిగించారు. తర్వాత డ్రైవరమ్మ జేబులోంచి కత్తి తీసింది. తన గుండు టైర్లన్నిటి గొంతులూ కోసింది. చివరికి బొబ్బ టైరునీ విప్పి కత్తి దించింది. అది ఛీత్కరించినట్టు గాలి వదిలింది. ఆ గాలి మొహానికి కొట్టింది. అదే కుళ్లు వాసన.

"మరి నా కారు?" అన్నాడు బావ.

"కొట్లో వందలున్నాయి కదండీ," అంది అక్క, కారెక్కుతూ. "నచ్చినవి ఏరుకోండి."

అతను లోయలోకి ఒకసారి, రాళ్ల మీదున్న కారుకేసి ఒకసారి చూశాడు. 

డ్రైవరమ్మ బడ్డీ దగ్గర సబ్బడిగి చేతులు కడుక్కుంది. గోళ్ల సందున నలుపు పోలేదు. టీ ఇస్తామన్నా వద్దంది. కారెక్కి నాలుగు కిటికీలూ దించి, కారు కదిలించి, అద్దంలోకి చూసింది. వెనకాల బావ బొబ్బ టైరుని ఒళ్లోకి లాక్కుని, కత్తి గాటు పొడవుని వేళ్లతో కొలుస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఎన్ని కుట్లు పడతాయో లెక్కేసుకుంటున్నాడు.

ఆమె కారు ఆపింది. దిగి, కత్తి తెరుచుకుంటూ వెనక్కి నడిచింది. అతని ఒళ్లోంచి టైరు లాక్కుని, చుట్టూ తిప్పుతూ ఎనిమిది చోట్ల చీల్చింది.